రిసెప్షన్‌లో కోరుకున్న స్కూలు రాలేదా? వెయిటింగ్ లిస్టు, అప్పీలు సంగతులు

ఇంగ్లండులో ఏటా ఏప్రిల్ 16న, సెలవైతే ఆ మర్నాటి పనిదినాన, రిసెప్షన్ (బడిలో మొట్టమొదటి క్లాసు) సీట్ల ఈమెయిళ్ళు వస్తాయి. మా ఏరియాలో తెలుగు కుటుంబాలు అప్పుడు నాకు ఫోన్ చేసి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "అక్కా, ఇచ్చిన స్కూలు వద్దంటే మంచిది ఇస్తారా?"

ఇవ్వరు. చెప్పిన గడువులోగా ఆ సీటు ఒప్పుకోండి. ఒప్పుకున్నంత మాత్రాన వెయిటింగ్ లిస్టులో వెనక్కి వెళ్ళరు, అప్పీలు బలహీనపడదు. వద్దంటే మాత్రం సెప్టెంబరులో పిల్లకి ఏ స్కూలూ లేకుండా పోవచ్చు.

తర్వాత వెయిటింగ్ లిస్టు. దీన్ని మన రైలు వెయిటింగ్ లిస్టులా ఊహించుకోవద్దు. ముందు చేరినవాళ్ళకి ముందు అనే లెక్క ఇక్కడ లేదు. స్కూలు అడ్మిషన్ నియమాల ప్రకారమే వరుస కడతారు: ప్రభుత్వ సంరక్షణలో (కేర్‌లో) ఉన్న పిల్లలు, తోబుట్టువులు, దూరం, ఇలా. కొత్త పేరు చేరిన ప్రతిసారీ వరుస మళ్ళీ కడతారు. అందుకే మీ నంబరు 4 నుంచి 6కి పెరగొచ్చు కూడా. అది అన్యాయం కాదు, మీకంటే దగ్గరివాళ్ళు చేరారంతే. కొన్ని కౌన్సిళ్ళు (స్థానిక ప్రభుత్వాలు), వచ్చిన స్కూలు కన్నా పైన మీరు కోరుకున్న స్కూళ్ళ లిస్టుల్లో తామే పేరు చేరుస్తాయి, కొన్ని మనం అడిగితేనే చేరుస్తాయి. ఫోన్‌లో విని వదిలేయకుండా ఈమెయిల్‌లో రాయించుకోండి. అదే ఈమెయిల్‌లో ఈ మూడూ అడగండి: ఇప్పుడు మా నంబరెంత, మమ్మల్ని ఏ కేటగిరీలో పెట్టారు, చివరగా సీటొచ్చిన పిల్లది ఏ కేటగిరీ, ఎంత దూరం. లిస్టును కనీసం డిసెంబరు 31 వరకు ఉంచాలి. ఆ తర్వాత కొనసాగాలంటే ఏం చేయాలో ముందే కనుక్కోండి.

ఇక అప్పీలు. ఫీజు లేదు. సీటు రాలేదన్న సమాచారం అందాక కనీసం 20 స్కూలు రోజుల గడువు ఇవ్వాలి. వినేది స్కూలుతో సంబంధం లేని ప్యానెల్, కనీసం ముగ్గురుంటారు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువగా నష్టపోతారు. రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసుల్లో ఒక టీచరుకి 30 మందికి మించకూడదని చట్టం. ఆ 30 నిండిందంటే ప్యానెల్ చేతులు కట్టేసినట్టే. మిమ్మల్ని చేర్చుకున్నా 30 దాటదనో, నియమాలు చట్టానికి విరుద్ధంగా ఉండటం వల్లో వాటిని తప్పుగా అమలు చేయడం వల్లో మీ పిల్లకి రావాల్సిన సీటు పోయిందనో, ఆ నిర్ణయం ఏ వివేకవంతుడూ తీసుకోనంత అసంబద్ధమనో తేలితేనే గెలుపు. ఆఫీసు టైమింగ్స్, కారు లేకపోవడం, నర్సరీ ఫ్రెండ్స్ అందరూ అక్కడే ఉండటం, స్కూలుకి మంచి రేటింగ్ ఉండటం, ఇవేవీ ఇక్కడ నిలబడవు. బాధ నిజమే, నాకు తెలుసు. కానీ నాలుగు పేజీల బాధ కన్నా ఒక్క తప్పు కొలత బలమైనది.

మా కింది ఫ్లాట్ అమ్మాయి విషయంలో అదే జరిగింది. డిసెంబరులో వాళ్ళు ఇల్లు మారారు. దరఖాస్తు గడువు జనవరి 15 కదా, దానికి ముందే టెనెన్సీ అగ్రిమెంట్, కౌన్సిల్ ట్యాక్స్ బిల్లు పంపారు. అయినా సీటు రాలేదు. లెటర్‌లో ఉన్న దూరం చూడగానే నాకు అనుమానం వచ్చింది, కొత్త ఇంటి నుంచి స్కూలు అంత దూరం కాదు. పాత ఇంటి నుంచి కొలిచారు! పిల్ల ఎంత తెలివైనదో, ఆ స్కూలంటే ఎంత ఇష్టమో ఆ అమ్మాయి రాసుకొచ్చినదంతా పక్కన పెట్టి, ఒకటిన్నర పేజీలో తేదీలు మాత్రమే రాశాం. తోడుగా ఒకరిని తీసుకెళ్ళొచ్చు కాబట్టి హియరింగ్‌కి నేనూ వెళ్ళాను. కౌన్సిల్ ప్రతినిధి క్లాసులో 30 మంది ఉన్నారని వివరించాక, ఛైర్‌పర్సన్ "అడ్రస్ మారినట్టు ఎప్పుడు తెలియజేశారు?" అని అడిగారు. ఆ అమ్మాయి ఏమీ మాట్లాడకుండా కౌన్సిల్ పంపిన రసీదు ఈమెయిల్ ప్రింటు ముందుకు జరిపి తేదీ మీద వేలు పెట్టింది. సీటు ఇచ్చారు.

అందుకే హియరింగ్‌కి ముందు వచ్చే స్కూలు పేపర్లు వరుస వరుసా చదవండి. కొలత సరళరేఖలోనా, నడిచే దారిలోనా? ఆ స్కూల్లో చదివే మీ పెద్దపిల్లని తోబుట్టువుగా లెక్కించారా? చర్చి స్కూలైతే విడిగా ఇచ్చిన ఫారం చేరిందా? ఇది 30 మంది నియమం కిందికి వచ్చే అప్పీలేనా? ఇయర్ 3, ఆపై క్లాసులకి, లేదా ఆ పరిమితి అడ్డురాని స్కూళ్ళకి, ప్యానెల్ మీ అవసరాన్నీ స్కూలు ఇబ్బందినీ తూచి చూస్తుంది. అక్కడ డాక్టరు లెటర్, పిల్ల ప్రత్యేక అవసరాల రిపోర్టు బాగా పనికొస్తాయి. అయితే వాటిలో "ఈ స్కూలే ఎందుకు" అన్నది ఉండాలి. ఉత్త జబ్బు పేరు సరిపోదు.

నిర్ణయం మామూలుగా 5 స్కూలు రోజుల్లో వస్తుంది. ఓడితే అదే స్కూలుకి అదే విద్యాసంవత్సరంలో మళ్ళీ అప్పీలు సాధారణంగా కుదరదు. హియరింగ్ జరిపిన తీరులోనే లోపముంటే, కౌన్సిల్ స్కూళ్ళ విషయంలో అంబుడ్స్‌మన్‌కీ (ఫిర్యాదులు విచారించే స్వతంత్ర అధికారి), అకాడమీల (కౌన్సిల్ కింద లేని ప్రభుత్వ నిధుల స్కూళ్ళు) విషయంలో విద్యాశాఖకీ ఫిర్యాదు చేయొచ్చు. వెయిటింగ్ లిస్టులో మీ పేరు మాత్రం అలాగే ఉంటుంది.

కుటుంబాలు ఊళ్ళు మారడం వల్ల వేసవి సెలవుల్లోనూ, సెప్టెంబరు మొదటి వారాల్లోనూ సీట్లు ఖాళీ అవుతుంటాయి. మనం సరిగ్గా అప్పుడే ఇండియాలో ఉంటాం. జవాబివ్వడానికి ఇచ్చే టైమ్ కొద్ది రోజులే కావచ్చు. కాబట్టి బయల్దేరే ముందు అడ్మిషన్స్ టీమ్‌కి అక్కడ పనిచేసే ఫోన్ నంబరు ఇవ్వండి, రోజూ ఈమెయిల్ చూడండి, స్పామ్ ఫోల్డర్‌తో సహా.