ఫ్లై ఫిషింగ్ నేర్చుకుందాం – 6వ పాఠం: దూరమా, గురా?

గత పాఠంలో లూప్ గురించి, అంటే విసిరినప్పుడు లైన్ గాల్లో తిరిగే U ఆకారపు మలుపు గురించి చెప్పుకున్నాం. రాడ్ (గాలపు కర్ర) కొన తిన్నగా కదిలితే లూప్ సన్నగా వస్తుంది, వంపు తిరిగితే వెడల్పుగా తెరుచుకుంటుంది. ఆ సాధన చేసినవాళ్లకు ఈపాటికి చేయి దురద మొదలై ఉంటుంది: లైన్ ఇంకా ఎంత దూరం పోతుందో చూద్దామని. యూట్యూబ్ తెరిస్తే లైన్ మొత్తం విసిరి చూపించేవాళ్లే కనిపిస్తారు కాబట్టి ఆ దురద సహజం. తీర్చుకునే ముందు ఈ పాఠం చదవండి.

నా మాట ముందే చెప్పేస్తాను. మొదట నలభై అడుగుల లోపల గురి కుదుర్చుకోండి, దూరం తర్వాత చూద్దాం. రెంటికీ కావలసిన సరుకు ఒకటే: సన్నని లూప్, వదులు లేని లైన్. గురి కోసం కూర్చుంటే ఆ రెండూ చేతికి వస్తాయి. దూరం కోసం బలం పెడితే ఉన్నవి కూడా పోతాయి.

బలం ఎందుకు పనికిరాదో చూద్దాం. వడిసెల తిప్పినవాళ్లకు తెలుసు, అక్కడ బరువు రాయిది, తాడు దాన్ని పట్టి ఉంచేదే. ఇక్కడ వ్యవహారం తిరగేసి ఉంటుంది. ఫ్లై అంటే నాలుగు ఈకలు, కాస్త దారం చుట్టిన కొక్కెం. దానికి చెప్పుకోదగ్గ బరువు లేదు. బరువంతా లైన్‌దే. 5 నంబర్ లైన్‌లో మొదటి 30 అడుగులు తూస్తే 140 గ్రెయిన్లు, అంటే సుమారు 9 గ్రాములు. లైన్‌కు నంబర్ ఇచ్చేదే ఆ 30 అడుగుల బరువును బట్టి. కాబట్టి దాదాపు అంత లైన్ బయట ఉన్నప్పుడు 5 నంబర్ రాడ్ హాయిగా వంగుతుంది. పది అడుగులే ఉంటే రాడ్ ఖాళీగా ఊగుతుంది. అరవై అడుగులు గాల్లో నిలబెట్టాలంటే మాత్రం చేతి కదలిక, ఆగే సమయం అన్నీ మార్చుకోవాలి.

ఇప్పుడు చేప వైపు నుంచి చూడండి. పాఠం అసలు ఇక్కడుంది.

ట్రౌట్ అనే చల్లనీటి చేప వాగు పై వైపు ముఖం పెట్టి నిలబడుతుంది, తిండి అటునుంచే కొట్టుకొస్తుంది గనక. నీళ్లలోకి వచ్చేటప్పుడు వెలుగు వంగుతుంది కాబట్టి బయటి ప్రపంచం దానికి తల మీదున్న ఒక గుండ్రటి కిటికీలోంచే కనబడుతుంది. ఆ కోణం సుమారు 97 డిగ్రీలు. లెక్క కడితే కిటికీ వ్యాసం చేప ఉన్న లోతుకు రెండుంబావు రెట్లు. అడుగు లోతున ఉన్న చేపకు రెండుంబావు అడుగుల కిటికీ, అర అడుగు లోతుకు వస్తే అందులో సగం. కిటికీ అవతల నీటి పైభాగం అద్దంలా మెరుస్తుంది, అందులో అడుగునున్న రాళ్లే తిరగబడి కనిపిస్తాయి.

దీన్నిబట్టి గురిలో రెండు పాళ్లున్నాయి: దారి, పొడవు. ఫ్లై చేపకు రెండు మూడు అడుగుల ఎగువన పడి, ప్రవాహంతో పాటు సరిగ్గా కిటికీలోకి రావాలి. ఎగువన ఇంకో అడుగు అటూ ఇటూ పడినా ప్రవాహమే సర్దుతుంది. పక్కకు రెండడుగులు తప్పితే సర్దేవాళ్లు లేరు. పురుగులు దండిగా వస్తున్నప్పుడు ట్రౌట్ తన వరస వదిలి పక్కకు రాదు, దానికి అవసరమేముంది? కాబట్టి మొదట దారి సరిచూసుకోండి. పొడవు విషయంలో తప్పితే తక్కువగా తప్పండి, ఎక్కువగా వద్దు. దిగువ నుంచి విసిరేటప్పుడు ఏడెనిమిదడుగులు ఎక్కువైందా, లావుపాటి లైన్ చేప నెత్తిన పడుతుంది. ఇక ఆ చేపతో మీకు పని ఉండదు.

దూరంగా నిలబడి విసిరితే ఇంకో చిక్కు. మీకూ చేపకూ మధ్య నాలుగు రకాల వేగాలతో నీళ్లు పారుతుంటాయి. అరవై అడుగుల లైన్ ఆ నాలుగింటి మీదా పడుతుంది. వేగంగా ఉన్న పాయ లైన్‌ను లాగుతుంది, లైన్ ఫ్లైని ఈడుస్తుంది. పురుగు నీటికి అడ్డంగా ఈదుకుంటూ పోతే ఏ ట్రౌట్ నమ్ముతుంది? ఒకవేళ నమ్మి నోరు తెరిచినా, మీరు రాడ్ ఎత్తేసరికి అంత పొడవు లైన్‌లోని వదులు తీరాలి. ఈలోగా అది ఉమ్మేస్తుంది.

అందుకని దగ్గరికి వెళ్లండి. చేప వెనక, దిగువ నుంచి, ఒంగి, అడుగులో అడుగేసుకుంటూ. కిటికీ అంచు దగ్గర నేలబారుగా ఉన్నవన్నీ నలిగి, మసకగా కనిపిస్తాయి కాబట్టి ఒంగినవాడు చాలా దగ్గరికి వచ్చేదాకా దొరకడు. హిమాచల్‌లోని తీర్థన్ లాంటి రాళ్లవాగుల్లో అయితే ఇరవై, ముప్పై అడుగులకు మించి విసిరే పనే తక్కువ. హైదరాబాద్ నుంచి అక్కడికి వెళ్లాలనుకునేవాళ్లు దూరం గురించి దిగులు పెట్టుకోవద్దు.

ఇక సాధన. ఫ్లై బదులు లీడర్ (లైన్ కొసకు కట్టే సన్నని దారం) చివర ముదురు రంగు ఊలు ముక్క కట్టండి. ఊలైనా సరే, టోపీ, కళ్లజోడు తప్పనిసరి. ఈ అలవాటు ఇక్కడే పడాలి. పచ్చిక మీద 30 అంగుళాల రింగు పెట్టండి. హులా హూప్ ఉంటే అదే చాలు. అమెరికన్ కాస్టింగ్ అసోసియేషన్ పోటీల్లో వాడేది ఈ కొలతే. అడుగు లోతు ట్రౌట్ కిటికీ కూడా ఇంచుమించు అంతే ఉంటుంది.

రింగు ఎంత దూరంలో? చాలామంది ఇరవై అడుగుల్లో పెట్టుకుని మొదలుపెడతారు. నన్నడిగితే నలభై. ఫార్వర్డ్ కాస్ట్‌లో (ముందుకు విసిరేటప్పుడు) తొమ్మిదడుగుల రాడ్ ముందుకు ఎనిమిదడుగులు వస్తుంది, లీడర్ తొమ్మిది, మిగిలిన ఇరవై మూడడుగులే లైన్. రాడ్ వంగడానికి అది సరిపోతుంది. అదే ఇరవై అడుగుల రింగుకు లైన్ మూడడుగులే బయట ఉంటుంది, మిగతాదంతా లీడరే. చూడటానికి చిన్నపిల్లల పనిలా ఉంటుంది, చేస్తే చేయి తిరిగినవాళ్లకూ తడబాటే. దాన్ని చివరికి ఉంచుకోండి.

కుడిచేతివాళ్లు కుడి కాలు కొంచెం ముందుకు పెట్టి, రింగుకు ఎదురుగా నిలబడండి. రాడ్‌ను పక్కకు వాల్చకుండా నిటారుగా, కంటికి దగ్గరగా కదపండి. అప్పుడు దారి మీ చూపులోనే ఉంటుంది. బొటనవేలు రాడ్ పిడి మీద, గోరు రింగు వైపు. ఫార్వర్డ్ కాస్ట్‌లో రాడ్ ఆగినప్పుడు గోరు ఎటు చూస్తే లైన్ అటే పోతుంది. కుడికి తప్పుతున్నవాళ్లు ముందు గోరు చూసుకోండి. గురి రింగు మీద కాదు, దానికి రెండడుగుల పైన గాల్లో. లూప్ అక్కడ పూర్తిగా విప్పుకుంటే ఊలు నెమ్మదిగా దిగుతుంది. రింగుకే గురిపెడితే లైన్ నేలను కొడుతుంది.

రెండు ఫాల్స్ కాస్టులు (లైన్ కింద పడనీయకుండా గాల్లోనే ముందుకూ వెనక్కీ ఊపడం), మూడోది దించడం. అంతకు మించొద్దు. ఐదారు సార్లు ఊపేవాళ్లు పొడవు కొలుస్తున్నామంటారు గానీ, ప్రతి ఊపుకూ లైన్ నీడ చేప మీద పడుతుంది, తుంపరలు రాలతాయి. వాగులో ఆ కొలత పక్కకు తిరిగి చూసుకుని, చివరి కాస్ట్ మాత్రమే చేప వైపు తిప్పాలి. పచ్చిక మీద కూడా అలాగే చేయండి. అంతేకాదు, లైన్ మీద రాడ్ కొన నుంచి 25, 35 అడుగులు వచ్చేచోట చెరగని మార్కర్‌తో గీతలు పెట్టుకుంటే సగం ఊపులు వాటంతటవే తగ్గుతాయి.

దూరం అసలు అక్కర్లేదా అంటే, అక్కరే. నెవాడాలోని పిరమిడ్ సరస్సులో జనం నీళ్లలో నిచ్చెనలు వేసుకుని మరీ విసురుతారు, లోతు మొదలయ్యే చోటికి ఫ్లై చేరాలని. బహామాస్ సముద్రపు తేటనీళ్లలో ఎదురుగాలికి బోన్‌ఫిష్ ముందు యాభై అడుగుల్లో వేయాలి. అక్కడ దూరమూ కావాలి, గురీ కావాలి. అలాంటప్పుడు ఏం మారుతుంది? కుడి కాలు వెనక్కి పోతుంది, ఒళ్లు కొంచెం తెరుచుకుంటుంది, బ్యాక్ కాస్ట్‌ను (వెనక్కి విసిరే లైన్‌ను) తల తిప్పి చూడవచ్చు. లైన్ పొడవు పెరిగేకొద్దీ చేతి కదలిక పొడవవుతుంది, వెనక ఆగే సమయమూ పెరుగుతుంది. బలం మాత్రం అంతగా పెరగదు. మొదట్లో మెల్లగా, చివర్లో వేగంగా, టక్కున ఆపడం. అదే పాత సూత్రం.

దూరం కోసం తొందరపడేవాళ్లు చేసే తప్పు ఎప్పుడూ ఒకటే: కదలిక మొదట్లోనే కుదుపు. ఆ కుదుపుకు రాడ్ ఎక్కువ వంగి, కొన దారిలో పల్లం పడుతుంది. లూప్ పై భాగం కిందికి జారి కింది భాగాన్ని తాకుతుంది, లీడర్‌లో ముడి పడుతుంది. గాలి వల్ల అంటారు గానీ గాలి పాత్ర తక్కువ. ఆ ముడితో లీడర్ బలం దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి, పది నిమిషాలకోసారి వేళ్ల మధ్య లీడర్‌ను జారవిడిచి చూసుకోండి.

ఇంకొకటి. వెయిట్ ఫార్వర్డ్ లైన్‌లో ముందున్న లావు భాగం చాలావాటిలో 35, 40 అడుగులు ఉంటుంది, వెనకది సన్నం. లావు భాగం కొన దాటి రెండు మూడడుగులు బయటికి వచ్చాక ఇంకా గాల్లో పొడిగించకండి. సన్నని లైన్ ఆ బరువును తిప్పలేదు, లూప్ కుప్పకూలుతుంది. అక్కడ ఆపి, మిగతాది ఎడమచేతిలోంచి జారవిడవడమే.

రెండూ ఒక చేతికే వస్తాయనడానికి అమెరికా కాస్టింగ్ క్రీడాకారిణి జోన్ వుల్ఫ్ కన్నా మంచి సాక్ష్యం నాకు తెలియదు. ఆమె 1943లో అమెరికా జాతీయ పోటీల్లో మహిళల డ్రై ఫ్లై (నీటి మీద తేలే ఫ్లై) గురి విభాగం గెలిచింది. 1951లో మగవాళ్లందరితో పోటీపడి దూరం విభాగమూ గెలిచింది. 1960లో ఒక పోటీలో ఆమె విసిరిన దూరం 161 అడుగులు. వరస గమనించండి, గురి ముందొచ్చింది.

బే ఏరియాలో ఉన్న మనవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో గోల్డెన్ గేట్ పార్కులో 1938లో కట్టిన కాస్టింగ్ కొలనులు ఇప్పటికీ అందరికీ తెరిచే ఉన్నాయి. పచ్చిక మీద కన్నా నీటి మీద సాధన ఎప్పుడూ మేలు. నీరు లైన్‌ను పట్టుకుంటుంది కాబట్టి లేపడం కూడా అక్కడే అలవాటవుతుంది.

వచ్చే పాఠానికి చేయవలసింది ఇదీ. నలభై అడుగుల రింగులో పదిలో ఆరు పడేదాకా దాన్ని కదపొద్దు. పడ్డాక ముప్పైకి తెచ్చి అదే చేయండి, ఆ తర్వాత ఇరవై. ప్రతిసారీ తప్పు పక్కకు పోయిందా, పొడవులో పోయిందా చిన్న పుస్తకంలో రాసుకోండి. రెండిటికీ మందులు వేరు. వచ్చేసారి డబుల్ హాల్, అంటే ఎడమచేతి పని. మొదట రాడ్ లేకుండా ఉత్త చేతులతోనే చేస్తాం. లైన్ మీద పెట్టిన గీతలు మాత్రం చెరపకండి, అప్పుడు వాటితో పనుంది.