ఏ సమస్యకు ఏ థెరపీ? ఎంచుకునే ముందు, ఎంచుకున్నాక చూసుకోవాల్సినవి

ఆలోచనలనూ అలవాట్లనూ మార్చే సీబీటీ మంచిదా, పాత అనుభవాల్లో మూలాలు వెతికే సైకోడైనమిక్ థెరపీ మంచిదా? సమస్య ఏమిటో చెప్పకుండా ఈ ప్రశ్నకు జవాబు లేదు. సమస్య పేరు చెప్పినా సగమే తేలుతుంది. దాన్ని రోజూ తగ్గనివ్వకుండా చేస్తున్నదేమిటో తెలియాలి. భయమేసే చోటికి వెళ్లకుండా తప్పించుకోవడమా? పనులన్నీ మానేసి గదిలోనే ఉండిపోవడమా? ఒకే మనిషితో తెగని గొడవా? ఎప్పుడో జరిగింది ఇప్పుడే జరుగుతున్నట్టు మీద పడటమా? థెరపీ పట్టుకోవాల్సింది దాన్నే.

ముందు ఒక వారం రాసుకోండి

బాధ ఎక్కువైన ప్రతిసారీ నాలుగు ముక్కలు రాసుకోండి: ఎప్పుడు, అంతకుముందు ఏం జరిగింది, అప్పుడు మీరేం చేశారు, చేశాక ఏమైంది. మూడోది ముఖ్యం. చేసిన పని వల్ల అప్పటికి ఊరట దొరికి, మర్నాడు బాధ మళ్లీ అంతే వస్తోందంటే, సమస్యను పెంచుతున్నది ఎక్కువగా ఆ పనే.

దాంతోపాటు మీకు కావలసిన మార్పును కంటికి కనిపించేలా ఒక్క వాక్యంలో రాయండి. ‘ఆత్మవిశ్వాసం పెరగాలి’ అంటే దాన్ని కొలవలేం. ‘మీటింగులో ఒక్కసారైనా నోరు విప్పాలి’, ‘ఒంటరిగా బస్సెక్కగలగాలి’ అంటే కొలవచ్చు.

థెరపిస్టు దగ్గరకు వెళ్లే ముందు మామూలు డాక్టరుకు ఒకసారి చూపించుకోవడం మంచిది. థైరాయిడ్ తేడాలు, రక్తహీనత, నిద్రలో ఊపిరి ఆగిపోయే స్లీప్ ఆప్నియా, కొన్ని మందులు కూడా అచ్చం డిప్రెషన్‌లాగో ఆందోళనలాగో కనిపిస్తాయి. కొన్ని పరిస్థితుల్లో ఏ థెరపీ అన్న ప్రశ్న తర్వాత, సైకియాట్రిస్టో ఎమర్జెన్సీయో ముందు: చనిపోవాలన్న ఆలోచన బలంగా ఉన్నా, ఎవరూ లేకుండానే మాటలు వినిపిస్తున్నా, నిద్ర లేకుండా రోజుల తరబడి అలసట తెలియని హుషారు ఉన్నా, బరువు ప్రమాదకరంగా పడిపోతున్నా ఆగకూడదు. రోజూ ఎక్కువగా మద్యం తాగేవారు థెరపీ మొదలవుతోంది కదా అని ఒక్కసారిగా మానేయకూడదు. ఫిట్స్ రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలోనే మానాలి.

ఓసీడీ, పానిక్: ఎక్కువ తప్పులు ఇక్కడే

వద్దన్నా వచ్చే ఆలోచనలు, వాటికి ఊరటగా పదే పదే చేసే పనులు ఉండే ఓసీడీకి మొదట అడగాల్సిన పేరు ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్). భయం పుట్టించే వస్తువునో ఆలోచననో కావాలని ఎదుర్కోవడం, ఆపైన చేతులు కడుక్కోవడం, తలుపు మళ్లీ చూసుకోవడం లాంటి పనులు చేయకుండా ఆగడం, ఈ రెండూ కలిస్తేనే ఈఆర్‌పీ. థెరపిస్టు మీతో కలిసి భయాల జాబితా తయారుచేసి, ఒక్కోదానికి 0 నుంచి 100 వరకు మార్కులు వేయించి, తట్టుకోగలిగిన చోట మొదలుపెడతారు. సెషన్‌లో చేసిందే ఇంట్లో రోజూ చేయాలి.

ఇది తప్పుదారి పట్టేదెలాగంటే, ‘ఈ ఆలోచన నిజం కాదు’ అని గంటల తరబడి తర్కించే థెరపీలో ఆ తర్కమే కొత్త తంతుగా మారుతుంది. ‘ఏం కాదులే’ అని ఇంట్లోవాళ్లు పదే పదే ధైర్యం చెప్పడమూ అంతే. అందుకే మంచి ఈఆర్‌పీ థెరపిస్టు కుటుంబంలో ఒకరినైనా పిలిపించి, ఏం చెప్పకూడదో నేర్పుతారు. కేవలం రిలాక్సేషన్ నేర్పి పంపిస్తే అది ఓసీడీకి సరిపోయే చికిత్స కాదు.

ఉన్నట్టుండి భయం ముంచెత్తే పానిక్ ఎటాక్‌లదీ ఇలాంటి కథే. గుండె దడ వస్తే చచ్చిపోతామన్న భయమే దడను పెంచుతుంది. అందుకని పానిక్‌కు చేసే సీబీటీలో ఆ దడను, ఆ తల తిరుగుడును కావాలనే తెప్పిస్తారు: ఉన్నచోటే ఒక నిమిషం పరుగు, కుర్చీలో గిరగిరా తిరగడం, సన్నటి స్ట్రాతో ఊపిరి పీల్చడం. గుండె జబ్బు, ఆస్తమా, ఫిట్స్ ఉన్నవారు, గర్భిణులు వీటికి ముందు డాక్టరును అడగాలి. దడ రాగానే లోతుగా ఊపిరి తీసుకుని దాన్ని ఆపడం ఒక్కటే నేర్పితే, ఆపకపోతే ఏదో అయిపోతుందన్న నమ్మకం లోపల అలాగే ఉండిపోతుంది.

డిప్రెషన్‌కు దారులు చాలా

ఇక్కడ ఎంచుకోవడం కాస్త తేలిక. బాగా పరీక్షకు నిలిచిన థెరపీల ఫలితాలు దాదాపు సమానం. కాబట్టి మీరు వదలకుండా చేయగలిగేదే మీకు సరైనది. పనులన్నీ ఆగిపోయి ఉంటే బిహేవియరల్ యాక్టివేషన్: మనసు బాగుపడేదాకా ఆగకుండా, గంటల వారీగా చిన్న పనులు రాసుకుని చేయడం. ‘నేను దేనికీ పనికిరాను’ లాంటి ఆలోచనలు వదలకపోతే, ఆరన్ బెక్ 1960లలో రూపొందించిన సీబీటీ. కుంగుబాటు ఒక మరణంతోనో, తగాదాతోనో, ఉద్యోగ విరమణ లేదా బిడ్డ పుట్టడం లాంటి మలుపుతోనో మొదలైతే ఐపీటీ (ఇంటర్‌పర్సనల్ థెరపీ). ఇది సాధారణంగా 12 నుంచి 16 సెషన్లు, దృష్టంతా మనుషుల మధ్య సంబంధాల మీదే. తగ్గి మళ్లీ మళ్లీ వచ్చేవారికి, ముఖ్యంగా మూడు లేదా అంతకంటే ఎక్కువ సార్లు వచ్చినవారికి, తిరగబెట్టకుండా 8 వారాల మైండ్‌ఫుల్‌నెస్ (ఈ క్షణం మీద ధ్యాస నిలపడం) కోర్సు ఎంబీసీటీ ఉంది. డిప్రెషన్ తీవ్రంగా ఉంటే మందులు, థెరపీ కలిపి వాడటమే మేలు. బైపోలార్, స్కిజోఫ్రేనియాలలో చికిత్సకు మందులే పునాది, థెరపీ దానికి తోడు.

మనసుకు గాయం, నిద్ర, ఆవేశం

ప్రమాదం, దాడి లాంటివి జరిగిన కొత్తలో అందరినీ కూర్చోబెట్టి జరిగిందంతా ఒకేసారి చెప్పించే పద్ధతి వద్దు. దానివల్ల, జరిగినదాని జ్ఞాపకాలు వదలకుండా వేధించే పీటీఎస్‌డీ ఆగదు. తొలి వారాల్లో చాలామంది వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. నెల దాటాక కూడా పీడకలలు, ఉలికిపాట్లు, తప్పించుకు తిరగడం ఉంటే మూడు థెరపీల్లో ఒకటి చూడండి. సీపీటీ (కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ) దాదాపు 12 సెషన్లు, ‘తప్పంతా నాదే’ లాంటి నమ్మకాలను రాతలో పెట్టి తరచి చూస్తారు. ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ 8 నుంచి 15 సెషన్లు, ఒక్కోటి 90 నిమిషాల వరకు. జరిగినదాన్ని పదే పదే నోటితో చెప్పి, ఆ రికార్డింగు ఇంట్లో వినాలి. వివరాలు నోరు విప్పి చెప్పలేనివారికి, ఫ్రాన్సీన్ షపీరో 1987లో మొదలుపెట్టిన ఈఎండీఆర్ సులువనిపించవచ్చు. అందులో జ్ఞాపకాన్ని మనసులో ఉంచుకుని కళ్లను అటూ ఇటూ కదుపుతారు. వీటిలో ఏదైనా సరే, సిద్ధం చేస్తున్నామంటూ నెలలు గడిచినా అసలు జ్ఞాపకం జోలికే పోకపోతే కారణం అడగండి.

నిద్రలేమికి నిద్రమాత్రల కన్నా ముందు ప్రయత్నించాల్సింది సీబీటీ-ఐ, అంటే నిద్రలేమి కోసం మలచిన సీబీటీ. సెషన్లు తక్కువే, 4 నుంచి 8. ఒకటి రెండు వారాల నిద్ర డైరీ చూసి, మంచం మీద గడిపే సమయాన్ని నిజంగా నిద్రపోయిన సమయానికి కుదిస్తారు, 5 గంటలకు తగ్గకుండా. మొదటి రెండు వారాలు పగటి మత్తు పెరుగుతుంది. అది తెలియక, పని చేయడం లేదనుకుని చాలామంది అక్కడే మానేస్తారు. వాహనాలు, యంత్రాలు నడిపేవారు, బైపోలార్ లేదా ఫిట్స్ ఉన్నవారు ముందే చెప్పాలి.

తమను తాము గాయపరచుకోవడం, క్షణాల్లో ఎగసే ఆవేశం, నిలవని బంధాలు ఉంటే సైకాలజిస్టు మార్షా లీనెహాన్ రూపొందించిన డీబీటీ (డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ). అసలైన డీబీటీలో వారానికో వ్యక్తిగత సెషన్, వారానికో నైపుణ్యాల గ్రూపు, కష్టం ముంచుకొచ్చినప్పుడు ఫోన్ సాయం, థెరపిస్టులకు తమలో తాము చర్చించుకునే బృందం, నాలుగూ ఉంటాయి. తరచూ ఏడాది పడుతుంది. నాలుగు కాగితాలు చేతిలో పెట్టి డీబీటీ అంటే నమ్మొద్దు.

లక్షణం ఇదీ అని చెప్పలేక, ప్రతి బంధమూ ఒకేలా ముగుస్తోందనిపించేవారికి సైకోడైనమిక్ థెరపీ, లేదా చిన్ననాటి నుంచి పాతుకుపోయిన నమ్మకాల మీద పనిచేసే స్కీమా థెరపీ నప్పుతుంది. సమయం పడుతుంది. దంపతుల మధ్య భయం, దెబ్బలు ఉన్నచోట ఇద్దరినీ కలిపి కూర్చోబెట్టే థెరపీ ప్రమాదకరం. అక్కడ ముందు భద్రత. చిన్న పిల్లల మొండితనానికి పిల్లల కంటే తల్లిదండ్రులకు శిక్షణ ఇచ్చే పద్ధతులే బాగా పనిచేస్తాయి.

మొదటి ఫోన్‌లోనే అడగండి

‘నాలాంటి సమస్యకు సెషన్‌లో ఏం చేస్తాం? ఇంట్లో నేనేం చేయాలి? ఎన్ని సెషన్లు పట్టవచ్చు? తగ్గుతోందని ఎలా తెలుస్తుంది?’ థెరపీ పేరు ఎంత గొప్పగా వినిపించినా పనికొచ్చేది ఈ జవాబులే. ‘అన్ని పద్ధతులూ కలిపి, మీకు తగ్గట్టు చేస్తాను’ అంటే, కలిపి ఏం చేస్తారో రెండు వాక్యాల్లో చెప్పమనండి. చదువు, లైసెన్సు, ఆ ప్రత్యేక పద్ధతిలో శిక్షణ ఎక్కడ పొందారో అడగడం మర్యాద తప్పడం కాదు. నెలలోపే పూర్తిగా నయమని మాట ఇచ్చేవారిని, సెషన్ బయట స్నేహమో వ్యాపారమో కలుపుకోబోయేవారిని వదిలేయండి.

మనిషి నచ్చడమూ ముఖ్యమే. థెరపిస్టుతో కుదిరే నమ్మకం ఫలితాన్ని ప్రభావితం చేస్తుంది. అయితే నచ్చడం అంటే ప్రతిసారీ హాయిగా అనిపించడం కాదు. ఈఆర్‌పీలో, గాయానికి చేసే ట్రామా థెరపీల్లో మధ్యలో కొన్ని వారాలు కష్టంగానే ఉంటాయి. ఏం చేస్తున్నారో, ఎందుకో మీకు అర్థమై, ఆపమంటే ఆపుతారన్న నమ్మకం ఉంటే ఆ కష్టం పర్వాలేదు. చిన్నబుచ్చినట్టో బలవంతం చేసినట్టో అనిపిస్తే అది వేరే సంగతి.

కొలుచుకుంటూ వెళ్లండి

మొదటి రోజే కుంగుబాటును కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళి నింపండి. తొమ్మిది ప్రశ్నలు, మొత్తం 27 మార్కులు, 10 లేదా అంతకంటే ఎక్కువ వస్తే కుంగుబాటు ఒక మోస్తరు స్థాయిలో ఉన్నట్టు లెక్క. ఆందోళనకు జీఏడీ-7 ఉంది, 21 మార్కులకు. రెండు వారాలకోసారి మళ్లీ నింపండి. పీహెచ్‌క్యూ-9లో 5 మార్కులు తగ్గితే అది లెక్కలోకి వచ్చే మార్పు. అందులో చనిపోవాలన్న, తనకు తాను హాని చేసుకోవాలన్న ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాకుండా ఏ జవాబు వచ్చినా ఆ రోజే థెరపిస్టుకు చెప్పాలి.

ఆరు సెషన్లయినా అంకె కదలకపోతే, వెంటనే మానేయకుండా ఈ వరుసలో చూడండి: ఇంట్లో పని నిజంగా చేస్తున్నారా, సెషన్లు రెండు వారాలకోసారి అయిపోయాయా, మొదట పట్టుకున్న సమస్యే అసలుదా, మద్యమో నిద్రలేమో అడ్డుపడుతోందా. ఇవన్నీ సరిగా ఉండీ కదలకపోతే పద్ధతి మార్చమని అడగండి. మారేటప్పుడు పాత థెరపిస్టు దగ్గర ఒక పేజీ సారాంశం రాయించుకోండి: గుర్తించిన సమస్య, వాడిన పద్ధతి, ఎన్ని సెషన్లు, మొదటి, చివరి మార్కులు, ఏది ఉపయోగపడింది. అది చేతిలో ఉంటే కొత్త థెరపిస్టు దగ్గర కథంతా మొదటి నుంచి చెప్పుకోనక్కర్లేదు.