ముందు డబ్బా మీద పేరు అతికించండి

పోయిన ఆదివారం మా గదికి ఒక తమ్ముడు వచ్చాడు. సెప్టెంబర్ ఆఖర్లో మాస్టర్స్‌కి జర్మనీలో దిగినవాడు. టీ ఇస్తే ముట్టుకోలేదు. "అన్నా, వీసా మార్చిలో అయిపోతోంది, రెసిడెన్స్ పర్మిట్‌కి నన్నింకా పిలవలేదు" అన్నాడు. ఆఫీసుకి మెయిల్ పెడితే జవాబు వచ్చిందట: జనవరిలో రమ్మని ఉత్తరం వేశాం, అది తిరిగొచ్చింది, మీరు రాలేదు. వాడు ఫోన్‌లో ఆ మెయిల్ చూపిస్తుంటే నేను చదవకుండానే అడిగాను. "మీ పోస్టు డబ్బా మీద నీ పేరుందా?"

ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు. "డబ్బా ఉందన్నా."

డబ్బా ఉందట! నాకు ఒళ్లు మండింది. 2019లో ఒక సీనియర్ ఇదే అడిగితే నేనూ సరిగ్గా ఇదే మాట అన్నాను, అందుకే ఇంకాస్త ఎక్కువ మండింది.

జర్మనీకి చదువుకోడానికి వచ్చేవాళ్లకి చెప్పాల్సినవి వంద ఉంటాయి. ఏపీఎస్ సర్టిఫికెట్ (మన చదువు కాగితాలు అసలువేనని ఇచ్చేది), బ్లాక్డ్ అకౌంట్‌లో (ఏడాది ఖర్చుకని ముందే వేసి, నెలకింతని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) 11,904 యూరోలు, వీసా స్లాట్ కోసం నెలల తరబడి ఎదురుచూపులు, ఇవన్నీ దాటుకుని వచ్చినవాళ్లు మీరు. సిమ్ ఏది తీసుకోవాలి, సెకండ్ హాండ్ సైకిల్ ఎక్కడ దొరుకుతుంది, ఇవి మీ వాట్సాప్ గ్రూపుల్లో రోజుకి పదిసార్లు తిరుగుతూనే ఉంటాయి. వాటి జోలికి నేను పోను. డబ్బా గురించే చెప్తాను. విసుగొస్తే రానివ్వండి.

ఇక్కడి అడ్రసులో మామూలుగా ఫ్లాట్ నంబర్ ఉండదు. వీధి పేరు, బిల్డింగ్ నంబర్, అయిదంకెల పిన్‌కోడ్, ఊరు, అంతే. ఆ ఒక్క నంబర్ కింద ఇరవై కుటుంబాలు కాపురం ఉండొచ్చు. పోస్ట్‌మాన్‌కి దారి చూపించేది పేరొక్కటే. కింద వరసగా ఉన్న డబ్బాల మీద ఆ పేరు కనపడితే వేస్తాడు, కనపడకపోతే వెనక్కి పట్టుకుపోతాడు. మన ఊళ్లోలా "ఏవండీ, ఈ పేరుగలాయన ఏ వాటాలో ఉంటారు" అని ఎదురింటివాళ్లని అడగడు. గేటు దగ్గర కాలింగ్ బెల్‌దీ అదే కథ. అక్కడా నంబర్లుండవు, పేర్లుంటాయి. పార్సిల్ తెచ్చినవాడు మీ బెల్ కనిపెట్టలేకపోతే మీరు లేనట్టే.

ఈ కాలంలో ఉత్తరాలేంటి అంటారని తెలుసు. నేనూ అన్నాను. మీకు ఏమేం పోస్టులో వస్తాయో వినండి. ఇన్సూరెన్స్ కార్డు పోస్టులో వస్తుంది. బ్యాంకు కార్డు ఒక కవర్లో, దాని పిన్ రెండు రోజుల తేడాతో ఇంకో కవర్లో వస్తాయి. ఆన్మెల్డుంగ్, అంటే ఉంటున్న అడ్రసుని ఊరి ఆఫీసులో నమోదు చేయించుకోవడం, అది చేశాక టాక్స్ ఐడీ వస్తుంది, పదకొండు అంకెలు. దాన్ని మెయిల్‌లో పంపమని ఎంత బతిమాలినా పంపరు. పోయిందని మళ్లీ అప్లై చేస్తే మళ్లీ పోస్టులోనే పంపిస్తారు.  మీరు ఈ దేశంలో మనిషిగా లెక్కలోకి వచ్చేది ఆ కవర్లు చేతికొచ్చాకే.

నా సంగతి చెప్తాను. 2019 అక్టోబర్‌లో వచ్చాను, ఎల్బె నది ఒడ్డునున్న ఊరికి. ముగ్గురుండే ఫ్లాట్‌లో ఒక గది. అయిదు వారాలు ఒక్క కవరూ రాలేదు. ఆఫీసులు నెమ్మది అనుకున్నాను. జర్మనీలో అన్నీ టైముకి జరుగుతాయని ఎవరు చెప్పారో గానీ అని గదిలో కూర్చుని తిట్టుకున్నాను కూడా. బ్యాంకు పిన్ లేదు కాబట్టి బ్లాక్డ్ అకౌంట్ డబ్బు ఉండీ చేతికి రాదు. చేబదులు అడగ్గా అడగ్గా నేను కనపడితే సీనియర్లు తలుపు దగ్గరే జేబు తడుముకునేవాళ్లు. గోడౌన్‌లో పార్ట్ టైమ్ పని దొరికింది గానీ, టాక్స్ ఐడీ ఇవ్వలేదని నన్ను అన్నిటికంటే ఎక్కువ పన్ను పడే ఆరో టాక్స్ క్లాసులో వేసి జీతంలోంచి పన్ను కోశారు. ఆరో క్లాసు అంటే ఏంటో తెలియక, నా జర్మన్ చదువుకి గ్రేడు ఇచ్చారేమో అనుకున్నాను.

అప్పుడు ఆ సీనియర్ అడిగాడు, డబ్బా మీద పేరుందా అని. ఆ సాయంత్రమే నోట్‌బుక్కులోంచి కాగితం చించి, బాల్‌పెన్‌తో పేరు రాసి, టేపు వేసి అతికించాను. ఇక కవర్లు కురుస్తాయనుకున్నాను. ఇంకో నెల గడిచింది. ఏమీ లేదు.

ఎందుకో ఊహించారా? నేను రాసింది నా పేరు, అంటే నన్ను అందరూ పిలిచే పేరు. మనకి పేరంటే పెట్టిన పేరే కదా. ఇంటి పేరు శుభలేఖల్లో పూర్తిగా కనపడుతుంది, మిగతా చోట్ల ముందొక అక్షరంగా నక్కి ఉంటుంది. ఇక్కడ తిరగేసి ఉంటుంది వ్యవహారం. కవరు మీద పెద్దగా ఉండేది ఇంటి పేరే, డబ్బా మీద వెతికేదీ ఇంటి పేరే. క్లాసులో ప్రొఫెసర్ కూడా హెర్ (మిస్టర్) అని చేర్చి ఇంటి పేరుతోనే పిలిచేవాడు, వెనక మా తాతగారు గానీ నిలబడ్డారా అని ఓసారి తిరిగి చూశాను. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏ స్పెల్లింగ్ ఉందో అదే, ఒక్క అక్షరం పోకుండా, డబ్బా మీదా బెల్ మీదా ఉండాలి. చోటు ఉంటే పక్కన మీ పేరు రాసుకోండి, మీ ఇష్టం.

ఈలోపు డిసెంబర్ వచ్చింది. అమ్మ బాపట్ల నుంచి ఒక పార్సిల్ పంపింది, కందిపొడి, నువ్వుండలు, మఫ్లర్ ఒకటి. (నెయ్యి, పాలకోవా లాంటివి పెట్టనివ్వలేదు నేను, పాలతో చేసినవి, మాంసం పచ్చళ్లు ఇక్కడికి పోస్టులో పంపకూడదు. మీ ఇళ్లలో కూడా చెప్పండి.) రోజూ ఫోన్లో అడిగేది, అందిందా అని. జనవరిలో ఒకరోజు తెల్లవారుజామున ఫోన్ చేసింది. అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మూడున్నర గంటల తేడా కాస్తా నాలుగున్నర అవుతుంది. ఆ సంగతి అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా గుర్తుండదు. పార్సిల్ తిరిగి బాపట్ల వచ్చేసిందట. దాని మీద అంటించిన చీటీలో ఏదో జర్మన్‌లో ఉంటే పక్కింటి కుర్రాడు ఫోన్‌లో పెట్టి తెలుగులోకి మార్చి చదివాడట.

"ఈ చిరునామాలో ఈ మనిషి లేడు అని రాసుందిరా. నువ్వు ఎక్కడున్నావు?"

ఎక్కడున్నానని చెప్పను? ఆ ఇంట్లోనే ఉన్నాను, మూడు నెలల నుంచి. అద్దె కడుతున్నాను. నువ్వుండలు ఎలుకలు కొట్టేశాయని, మఫ్లర్ మాత్రం దాచానని చెప్పింది. ఆ తర్వాత మాట్లాడలేక కరెంటు పోయిందని అబద్ధమాడి పెట్టేశాను. జర్మనీలో కరెంటు పోయిందంటే అమ్మ నమ్మింది.

సరే, పని చెప్తాను. తాళాలు చేతికొచ్చిన రోజే, సూట్‌కేసు విప్పకముందే కిందికి దిగండి. హాస్టల్ అయితే సొంత చీటీ అతికించొద్దు, హౌస్‌మైస్టర్ అని ఒకాయన ఉంటాడు, బిల్డింగ్ బాధ్యత ఆయనది, ఆయన్ని అడిగితే పేరుపలక వేయిస్తాడు. ప్రైవేటు ఇల్లయితే ప్రింట్ తీసిన చీటీ, ప్లాస్టిక్ టేపు. బాల్‌పెన్ వద్దు, రెండు వానలకి కరుగుతుంది. ఇంకొకరి ఫ్లాట్‌లో కొన్ని నెలలకి గది తీసుకుంటే, అడ్రసు ఇచ్చే చోటల్లా మీ పేరు కింద "బై" అని పెట్టి అసలు అద్దెదారు ఇంటి పేరు రాయించొచ్చు, మన దగ్గర కేరాఫ్ అంటామే అది. కానీ ప్రభుత్వం వేసే ఉత్తరాల మీద ఆ ముక్క ఉంటుందని నమ్మకం పెట్టుకోకండి. చీటీ అతికించడమే మేలు. ఓనరు పేరు పెట్టనివ్వనన్నాడా, ఆన్మెల్డుంగ్‌కి సంతకం చేయనన్నాడా, ఆ గది అద్దె ఎంత తక్కువైనా దండం పెట్టి వచ్చేయండి. దిగిన రెండు వారాల్లో ఆన్మెల్డుంగ్ చేసుకోవాలి, దానికి ఓనరు సంతకం చేసిన కాగితం తప్పదు, ఆ కాగితం లేనిదే మిగతా ఏ కాగితమూ కదలదు. గది మారితే ఇదంతా మళ్లీ చేయాలి. పాత డబ్బాకి వచ్చే ఉత్తరాలని కొత్త అడ్రసుకి మళ్లించమని పోస్టాఫీసుకి డబ్బు కట్టొచ్చు. దండగ అనిపిస్తుంది గానీ కట్టండి.

డబ్బా తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా కనుక్కోండి. నవ్వకండి.

ఉత్తరం వచ్చాక తెరవాలి. ఇది కూడా చెప్పాలా అంటే, చెప్పాలి. జర్మన్ చూసి భయపడి బల్ల మీద దొంతర పెట్టేవాళ్లని నలుగురినైనా చూశాను. 2025 నుంచి, ప్రభుత్వ ఆఫీసు మామూలు పోస్టులో వేసిన ఉత్తర్వు నాలుగో రోజుకి మీకు అందినట్టే లెక్క. మీరు కవరు చింపారా లేదా ఎవడికీ పట్టదు. పసుప్పచ్చ కవరైతే ఇంకా జాగ్రత్త. దాని మీద పోస్ట్‌మాన్ చేత్తో తేదీ వేస్తాడు, డబ్బాలో పడ్డ ఆ రోజు నుంచే గడువు మొదలు. జరిమానా నోటీసైతే అభ్యంతరం చెప్పడానికి రెండు వారాలే. ఆ కవరు పారేయకండి, తేదీ ఉండేది దాని మీదే.

ఆన్మెల్డుంగ్ అయిన కొన్నాళ్లకి టీవీ, రేడియో చందా కట్టమని ఒక ఉత్తరం వస్తుంది. నాకు టీవీ లేదు కదా అని చెత్తబుట్టలో వేయకండి. టీవీ ఉన్నా లేకపోయినా ఇంటికి నెలకి 18.36 యూరోలు. మనిషికి కాదు, ఇంటికి. ముగ్గురున్న ఫ్లాట్‌లో ఒకరు కడుతుంటే వాళ్ల చందా నంబర్ రాసి జవాబు పంపితే మీ పని అయిపోయింది. జవాబు ఇవ్వకపోతే వాళ్లంతట వాళ్లే మీ పేరు ఎక్కించి, మీరు ఇంట్లో దిగిన నెల నుంచి బాకీ లెక్క కడతారు.

మిగతావి మీరే నేర్చుకుంటారు. ఆదివారం కొట్లుండవు, శనివారమే బియ్యం తెచ్చుకోండి, మర్చిపోతే పెద్ద రైల్వే స్టేషన్లలో ఏదో ఒకటి తెరిచి ఉంటుంది. రాత్రి పది దాటాక మిక్సీ వేయకండి. ప్లాస్టిక్ సీసాలు పారేయకండి, చాలావాటికి ఒక్కోదానికి 25 సెంట్లు వెనక్కిస్తారు. డిసెంబర్‌లో బెర్లిన్‌లో సాయంత్రం నాలుగు కొట్టకముందే సూర్యాస్తమయం, ఆ నెలంతా మనసేం బాగోదు, ఎవరికీ బాగోదు. ఆ రోజుల్లో తీసుకున్న నిర్ణయాలు, ముఖ్యంగా అన్నీ వదిలేసి ఇంటికి పోదామన్నది, ఫిబ్రవరి దాకా వాయిదా వేయండి.

ఆ తమ్ముడిని ఓ గంట తిట్టాక గానీ నాకు అడగాలని తోచలేదు, పర్మిట్‌కి అప్లికేషన్ ఎప్పుడు పెట్టావు అని. నవంబర్‌లో ఆన్‌లైన్లో పెట్టాడట, రసీదు ఉంది. ముందే చెప్పొద్దా? వీసా గడువు లోపల అప్లై చేసి ఉంటే, వాళ్లు ఏదో ఒకటి తేల్చేదాకా పాత అనుమతి నడుస్తున్నట్టే. అడిగితే దానికి ఒక కాగితం ఇస్తారు, ఫిక్షన్స్‌బెషైనిగుంగ్ అంటారు, నోరు తిరక్కపోయినా ఫరవాలేదు, రాసి చూపించు అన్నాను. నిన్నెవరూ విమానం ఎక్కించరు, పరీక్షలకి చదువుకో. ఆ మాట మీద టీ తాగాడు, చల్లారిపోయింది అప్పటికే. నా ఆరో క్లాసు పన్ను కూడా మరుసటి ఏడు రిటర్న్ వేస్తే వెనక్కి వచ్చింది. పోయిన ఉత్తరాలు మళ్లీ తెప్పించుకోవచ్చు. చాలా తలనొప్పి, కానీ తెప్పించుకోవచ్చు. ఇక్కడ పడ్డ చిక్కుల్లో చాలా వరకు విప్పుకోగలిగినవే, అది ఒప్పుకుంటాను.

సాయంత్రం వాడితో వాళ్లింటికి వెళ్లాను. డబ్బా మీద ఎప్పుడో ఖాళీ చేసి పోయిన ఇద్దరి పేర్లున్నాయి. తాళంచెవి వంటింట్లో చెంచాల డ్రాయర్లో దొరికింది. లోపల సూపర్‌మార్కెట్ కాగితాలు తప్ప ఏమీ లేవు. పాత పేర్లు గోటితో గీకి, ఇంటి పేరు అతికించి, బెల్ మీదా ఒకటి వేసి వచ్చాం. సోమవారం ఆఫీసుకి మెయిల్ పెట్టాడు, కొత్త తేదీ ఉత్తరంలో పంపిస్తామన్నారు. అప్పట్నుంచి రోజుకి రెండుసార్లు కిందికి దిగి చూస్తున్నాడు. ఆదివారం పోస్టు రాదురా అని చెప్పాను. అయినా చూశాడట.