వెస్ట్ లఫయెట్‌లో దిగాక ముందు ఐదు పేర్లు నేర్చుకోండి

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని వెస్ట్ లఫయెట్‌లో ఉన్న పర్డ్యూ యూనివర్సిటీకి కొత్తగా వచ్చేవాళ్లకి సీనియర్లు చెప్పే మాటలు ప్రతి ఆగస్టులో అవే ఉంటాయి. కుక్కర్ తెచ్చుకోండి, సిమ్ తీసుకోండి, బ్యాంకు ఖాతా తెరవండి, చలికోటు సెప్టెంబర్‌లోనే కొనుక్కోండి. అవన్నీ అవసరమే. నేను మాత్రం ఇంకొకటి కలుపుతాను. ఇక్కడి బాస్కెట్‌బాల్ టీంలో ఒక ఐదుగురి పేర్లు నేర్చుకోండి. వాళ్లలో ఎవరు ఏ ఇయర్, ఈ ఏడాదితో ఎవరు వెళ్లిపోతున్నారు, వాళ్ల చోట్లోకి ఎవరు వస్తున్నారు అన్నది తెలిస్తే చాలు, ఈ ఊళ్లో మీతో మాట్లాడేవాళ్లకి కొదవ ఉండదు.

నేను ఖమ్మం నుంచి 2018 ఆగస్టులో వచ్చాను. మొదటి రెండు నెలలు ల్యాబ్, రూము, ఇండియన్ స్టోర్, అంతే. సోమవారం పొద్దున ల్యాబ్‌లో అమెరికన్ పిల్లలు కాఫీ కప్పులు పట్టుకుని నిలబడి మాట్లాడుకునేవాళ్లు. ఒక్కో పదం తెలిసిందే అనిపించేది, మొత్తం మాట మాత్రం బోధపడేది కాదు. రెడ్‌షర్ట్ అంటే ఎర్ర చొక్కా అనుకున్నాను. తల ఊపి నా సీట్లోకి వెళ్లి కూర్చునేవాణ్ణి.

మా ఇంటి ఓనరు డెబ్బై దాటిన పెద్దావిడ. వాబాష్ నది అవతల, లఫయెట్ వైపు ఉంటారు. అక్టోబర్ అద్దె చెక్కు ఇవ్వడానికి వెళ్తే వంటింట్లోకి పిలిచి కూర్చోబెట్టారు. ఫ్రిజ్ తలుపు మీద గీతల కాగితం ఒకటి అయస్కాంతంతో అంటించి ఉంది. పెన్సిల్‌తో రాసిన పదమూడు పేర్లు. ప్రతి పేరు పక్కన ఎత్తు, సొంతూరు, ఏ ఇయర్ అన్నది. వెళ్లిపోయినవాళ్ల పేర్ల మీద ఒక్క గీత. వచ్చే ఏడాది చేరబోయే హైస్కూల్ పిల్లల పేర్లు కాగితం వెనకాల. కార్సెన్ ఎడ్వర్డ్స్ అన్న పేరు మీద వేలు పెట్టి, "ఇతని ఆట ఈ ఏడాదే చూసేసుకో, వచ్చే ఏడాది ఉండడు" అన్నారు. దూరాన ఉద్యోగానికి వెళ్లబోయే మనవడి గురించి చెప్పినట్టు చెప్పారు. 2019 మార్చిలో వర్జీనియా యూనివర్సిటీ టీం మీద అతను ఒక్కడే 42 పాయింట్లు కొట్టాడు. ఓవర్‌టైంలో మనవాళ్లు 80-75తో ఓడిపోయారు. ఆవిడ అన్నట్టే అతను ఎన్‌బీఏకి, అంటే ఇక్కడి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌కి, వెళ్లిపోయాడు. ఆ అక్టోబర్ రోజు వంటింట్లో గడిపిన పావుగంటే, క్లాసు బయట నేను ఒకరితో నిలకడగా ఇంగ్లిష్‌లో మాట్లాడిన మొదటి పావుగంట.

కాబట్టి ముందు ఆ కాగితాన్ని చదవడం ఎలాగో చెబుతాను. ఆట రూల్స్ తర్వాతైనా వస్తాయి.

కాలేజీ ఆటగాడికి ఆడటానికి నాలుగు సీజన్లు ఉంటాయి. వాటిని ఐదేళ్లలోపు వాడుకోవాలి. మొదటి ఏడాది టీంతో ప్రాక్టీస్ చేస్తూ, మ్యాచ్‌ల్లోకి దిగకుండా ఉంటే ఆ సీజన్ ఖర్చు కాదు. దాన్నే రెడ్‌షర్ట్ అంటారు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో (బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) అయితే నాలుగు మ్యాచ్‌ల వరకు ఆడినా రెడ్‌షర్ట్ నిలుస్తుంది. ట్రే కాఫ్‌మన్-రెన్ 2021లో వచ్చి మొదటి ఏడాది ఇలాగే బెంచీ మీద ఉన్నాడు. బ్రేడెన్ స్మిత్, ఫ్లెచర్ లోయర్ 2022లో వచ్చారు. ముగ్గురూ 2025-26లో ఒకేసారి సీనియర్లు, అంటే ఆఖరి సీజన్‌వాళ్లు, అయ్యారు. ముగ్గురూ వెళ్లకుండా ఆగబట్టే ఆ సీజన్ మొదలవకముందు ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) ర్యాంకుల్లో పర్డ్యూకి ఒకటో స్థానం ఇచ్చారు. ఈ స్కూలు (ఇక్కడ యూనివర్సిటీని కూడా అలాగే అంటారు) చరిత్రలో సీజన్ ముందు అలా ఇవ్వడం అదే మొదటిసారి. రోస్టర్, అంటే టీం పేర్ల జాబితా, చదవడం అంటే ఇదే. ఎవరు బాగా ఆడతారన్నదొక్కటే చూస్తే సరిపోదు, ఎవరి గడువు ఎప్పుడు తీరుతుందో కూడా చూడాలి.

మొన్న ఏప్రిల్‌లో ఆ మూడు పేర్ల మీదా గీతలు పడ్డాయి. పెద్దావిడకి ఇప్పుడు చెయ్యి వణుకుతోంది. పెన్సిల్ నా చేతికిచ్చారు. కొత్త పేర్లకి స్పెల్లింగ్ ఆవిడ చెబుతుంటే నేను రాశాను.

ఇక ట్రాన్స్‌ఫర్ పోర్టల్ అనే ఆన్‌లైన్ జాబితా. ఒక స్కూల్ వదిలి ఇంకో స్కూల్‌కి మారాలనుకున్న ఆటగాడు తన పేరు అందులో పెడతాడు. ఇది 2018 అక్టోబర్‌లో మొదలైంది. అప్పట్లో మారితే మామూలుగా ఏడాది ఖాళీగా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒక్కసారికి ఆ నిబంధన తీసేశారు. 2024 నుంచి చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లయినా మారవచ్చు. మన పిల్లలు దీన్ని ఐపీఎల్ వేలంతో పోలుస్తారు. నాకది సరిగా అనిపించదు. వేలంలో టీం ఆటగాణ్ణి కొనుక్కుంటుంది. ఇక్కడ బయల్దేరేది ఆటగాడు. కోచ్ ఎవరు, తనకి ఎన్ని నిమిషాలు ఆట దొరుకుతుంది, ఎంత డబ్బు వస్తుంది అన్నీ చూసుకుని తనే నిర్ణయించుకుంటాడు. 2021 జులై నుంచి ఆటగాళ్లు తమ పేరు, ఫోటో మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు. దాన్ని ఎన్‌ఐఎల్ అంటారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో స్కూళ్లే నేరుగా ఇవ్వడం మొదలైంది. మొదటి ఏడాదికి ఒక్కో స్కూల్‌కి పరిమితి దాదాపు 2 కోట్ల 5 లక్షల డాలర్లు. దాంతోపాటు రోస్టర్‌కీ లెక్క పెట్టారు. ఆ ఒప్పందంలో ఉన్న స్కూళ్లలో ఫుట్‌బాల్‌కి 105 మంది, బాస్కెట్‌బాల్‌కి 15 మంది. అందుకే ఇప్పుడు క్షవరం చేయించుకోడానికి వెళ్లినా, బస్‌లో కూర్చున్నా ఆటతో పాటు డబ్బు లెక్కలూ వినిపిస్తాయి.

ఇంతమంది ఇన్ని చోట్లకి మారుతున్న కాలంలో పర్డ్యూ బాస్కెట్‌బాల్ కొంచెం వేరుగా నడుస్తుంది. కోచ్ మ్యాట్ పెయింటర్ ఇక్కడే చదివి, ఇక్కడే ఆడి, 2005 నుంచి ఇక్కడే కోచ్‌గా ఉన్నాడు. పిల్లల్ని హైస్కూల్ నుంచి తెచ్చి, నాలుగేళ్లు పెంచుతాడు. ఊరివాళ్లకి ఆయన మీద ప్రేమకి అసలు కారణం ఇదే అని నా నమ్మకం.

2023 మార్చి 17 రాత్రి గురించి మీరు తెలుసుకోవాలి. జాతీయ కాలేజీ టోర్నమెంట్‌లో ఒకటో సీడ్‌గా (అన్నిటికన్నా పై వరస టీంగా) వెళ్లిన పర్డ్యూ, అన్నిటికన్నా కింది వరసలోని పదహారో సీడ్ ఫెయిర్లీ డికిన్సన్ యూనివర్సిటీ చేతిలో 63-58తో ఓడిపోయింది. పురుషుల టోర్నమెంట్‌లో పదహారో సీడ్ ఒకటో సీడ్‌ని ఓడించడం అది రెండోసారి మాత్రమే. తర్వాతి సోమవారం మా ల్యాబ్‌లో ఒక్కరు కూడా కాఫీ దగ్గర నిలబడలేదు. ఆ ఎండాకాలం పోర్టల్‌లోకి వెళ్లి పారిపోవడానికి అందరికీ సాకు దొరికింది. ముఖ్యమైనవాళ్లెవరూ వెళ్లలేదు. సదరన్ ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి గార్డ్ స్థానంలో ఆడే లాన్స్ జోన్స్‌ని తెచ్చుకున్నారు, అంతే. అదే టీం 2024లో టెనెసీని 72-66తో ఓడించి, 1980 తర్వాత మొదటిసారి ఫైనల్ ఫోర్‌కి, అంటే చివరి నాలుగు టీంలలోకి, వెళ్లింది. ఫైనల్లో కనెక్టికట్ చేతిలో 75-60తో ఓడింది. ఓడినా ఆ రాత్రి మా పెద్దావిడ గొంతులో ఏడుపు లేదు.

ఆ టీంలో జాక్ ఈడీ గురించి మన పిల్లలకి ప్రత్యేకంగా చెప్పాలి. ఏడడుగుల నాలుగంగుళాల మనిషి. 2023లోనూ 2024లోనూ దేశం మొత్తానికి ఉత్తమ ఆటగాడు. కెనడావాడు. చదివింది మనలాగే విద్యార్థుల ఎఫ్-1 వీసా మీద. మనకి క్యాంపస్ బయట పని చేయకూడదన్న నియమం ఏదైతే ఉందో, అదే అతనికీ అడ్డొచ్చింది. తోటి అమెరికన్ ఆటగాళ్లు ఇక్కడ ప్రకటనల్లో నటించి సంపాదించుకుంటుంటే, దేశంలోకెల్లా గొప్ప ఆటగాడికి ఆ దారి చాలావరకు మూసుకుపోయింది. ఇది తెలిసిన రోజు నాకు అతని మీద గౌరవం పదింతలైంది. మా ల్యాబ్‌లోవాళ్లకి సీపీటీ (చదువులో భాగంగా బయట పని చేసే అనుమతి) అంటే ఏమిటో, ఐ-20 (వీసాకి ఆధారమైన యూనివర్సిటీ పత్రం) మీద సంతకం ఎందుకో నేను మొదటిసారి వివరించింది కూడా ఈడీ మాట వచ్చినప్పుడే. అప్పటిదాకా మన ఇబ్బందులు వాళ్లకి తెలియవు, మనమూ చెప్పలేదు.

ఫుట్‌బాల్ సంగతి దాపరికం లేకుండా చెబుతాను. 2024లో ఒకటి గెలిచి పదకొండు ఓడారు, 2025లో రెండు గెలిచి పది ఓడారు. 2024 చివరి మ్యాచ్‌లో ఇండియానా యూనివర్సిటీ చేతిలో 66-0తో ఓడారు. కోచ్ మారాడు, బ్యారీ ఓడమ్ వచ్చాడు, 2025 రోస్టర్‌లో సగానికి పైగా కొత్త ముఖాలు. అయినా ఫుట్‌బాల్ ఆడే రాస్-ఏడ్ స్టేడియానికి తప్పకుండా వెళ్లండి. ఆగస్టు ఆఖరి నుంచి నవంబర్ దాకా, ఎక్కువగా శనివారాలు. స్టూడెంట్లు వెళ్లే గేటుకి టైలర్ ట్రెంట్ పేరు ఉంటుంది. ఎముక క్యాన్సర్‌తో పోరాడుతూ, 2018 అక్టోబర్‌లో రెండో ర్యాంకు ఒహాయో స్టేట్‌ని మనవాళ్లు ఓడిస్తారని ముందే చెప్పిన విద్యార్థి. 49-20తో గెలిచారు. నేను వచ్చి రెండు నెలలే, పక్కనున్నవాళ్లు ఎందుకు ఏడుస్తున్నారో ఆ రాత్రి నాకు తెలియలేదు. 2019 జనవరి 1న అతను చనిపోయాడు. ఆ గేటు దాటేటప్పుడు ఆ పేరు ఒకసారి చదవండి.

ఆట తెలియకపోతే ఇంతవరకు చాలు: నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకెళ్లాలి, వెళ్తే మళ్లీ నాలుగు ప్రయత్నాలు. చివరిదాకా చేరితే ఆరు పాయింట్లు. పక్కవాళ్లతో మాట కలపాలంటే క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) గురించి అడగకండి, అందరూ అడిగేది అదే. "ఈసారి ఆఫెన్సివ్ లైన్ ఎలా ఉంది?" అని అడగండి. బంతి పట్టుకున్నవాడి ముందు గోడలా నిలబడే ఐదుగురు వాళ్లు. ఒకరి అడుగు ఒకరికి తెలియాలి. పోర్టల్‌లో ఐదుగురు బలమైనవాళ్లని తెచ్చినా, పక్కపక్కన ఆడటం అలవాటయ్యేసరికి సగం సీజన్ గడిచిపోతుంది. టీం భవిష్యత్తు గురించి ఇక్కడ నడిచే నిజమైన చర్చ అదే. ఈ ప్రశ్న అడిగితే తెలియని పెద్దమనిషి కూడా మీవైపు తిరిగి కూర్చుంటాడు.

కొన్ని జాగ్రత్తలు. టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉద్యోగం వస్తే మీ క్లాసులో ఆటగాళ్లు ఉండొచ్చు. వాళ్ల మార్కులు, హాజరు, కుంటుతూ వచ్చారా లేదా అన్నది ఎవరికీ చెప్పకండి. రూమ్మేట్‌కి కూడా. విద్యార్థుల రికార్డులకి ఫెడరల్ చట్టం ఉంది. పైగా గాయాల కబుర్ల కోసం బెట్టింగ్ చేసేవాళ్లు కాచుకుని ఉంటారు. ఇండియానాలో ఇరవై ఒకటి నిండినవాళ్లకి స్పోర్ట్స్ బెట్టింగ్ చట్టబద్ధమే. అయినా దాని జోలికి పోకండి. ఫోన్‌లో యాప్‌తో మొదలుపెట్టి సెమిస్టర్ ఫీజు డబ్బులు పోగొట్టుకున్న మన అబ్బాయిని దగ్గర నుంచి చూశాను. ఇంటి మీద అప్పు తెచ్చి పంపిన డబ్బు అది. నాన్నకి ఫోన్ చేయలేక రెండు వారాలు మా రూములో పడుకున్నాడు.

ఓడిన మర్నాడు ఆటగాళ్లని తిట్టకండి. పద్దెనిమిది, ఇరవై ఏళ్ల పిల్లలు, లైబ్రరీలో మీ పక్క టేబుల్ దగ్గరే కూర్చుంటారు. ఇండియానా యూనివర్సిటీ ఎరుపు రంగు టీషర్ట్ వేసుకుని మ్యాచ్‌కి వెళ్లకండి. 1925 నుంచి ఆ రెండు టీంలూ ఓక్ చెక్క బకెట్ ఒకటి పెట్టుకుని ఫుట్‌బాల్ ఆడుతున్నాయి. గెలిచినవాళ్ల అక్షరం దాని గొలుసుకి వేలాడదీస్తారు.

బాస్కెట్‌బాల్ టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి యూనివర్సిటీ మెయిల్ రోజూ చూసుకోండి. సీజన్ టికెట్ దొరక్కపోతే దిగులు పడకండి. సెమిస్టర్ సెలవుల్లో ఊళ్లో ఉండిపోయేది మనమే, ఆ రోజుల్లో జరిగే మ్యాచ్‌లకి సీట్లు దొరుకుతాయి. మాకీ అరీనాలో పద్నాలుగు వేలమంది పడతారు. పైకప్పు గోపురంలా ఉండి అరుపంతా తిరిగి మన మీదే పడుతుంది. గంట ముందు వెళ్లండి. కోటు లోపల పలచటి టీషర్ట్ వేసుకోండి, లోపల ఉక్కపోస్తుంది. స్టూడెంట్ సెక్షన్‌లో మ్యాచంతా నిలబడే ఉంటారు, అందుకని సాయంత్రమే కడుపు నిండా తినేసి బయల్దేరండి.