మాత్రికల రాత తప్పు జవాబిస్తుంటే: సమస్య - పరిష్కారం

మాత్రికలతో లెక్కలు చేసే లైబ్రరీయో, కాలిక్యులేటరో, చిన్న భాషో సొంతంగా రాస్తున్నవాళ్ల కోసం ఇది. ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే తప్పు గురించి నాకు బెంగ లేదు, వెతికితే దొరుకుతుంది. ఏ హెచ్చరికా లేకుండా తప్పు జవాబు చేతిలో పెట్టే రాత గురించే నా బాధంతా.

సమస్య: [1 2; 3 4]ని (; తర్వాత కొత్త అడ్డువరుస) వర్గం చేస్తే [7 10; 15 22] రావాలి, [1 4; 9 16] వచ్చింది

కారణం: మాత్రికలకు గుణకారాలు రెండు. ఒకటి ఇంటర్‌లో నేర్చుకున్న మాత్రిక లబ్ధం, రెండోది మూలకానికి మూలకం గుణించడం. రెండూ రోజూ కావాలి, కీబోర్డు మీద నక్షత్రం గుర్తు మాత్రం ఒక్కటే. మాత్రికల లెక్కలకు వాడే మాట్‌ల్యాబ్ భాష * గుర్తును మాత్రిక లబ్ధానికి ఇచ్చి, మూలకాలకు .* పెట్టింది. పైథాన్ భాషలో ఇలాంటి లెక్కలకు వాడే లైబ్రరీ నంపై * గుర్తును మూలకాలకు ఇచ్చింది. 2015లో పైథాన్ 3.5తో @ వచ్చేదాకా అక్కడ మాత్రిక లబ్ధానికి ఫంక్షన్‌ను పిలవాల్సి వచ్చేది. ఆ ఇబ్బంది తీర్చడానికి నంపైలో మాత్రిక అనే ప్రత్యేక రకం ఉండేది, దానికి * అంటే మాత్రిక లబ్ధం. ఇబ్బంది తీరకపోగా పెరిగింది. మీ ఫంక్షన్‌లోకి ఏ రకం వచ్చిందో తెలిస్తే తప్ప, అందులోని * ఏం చేస్తుందో చెప్పలేరు. ఇప్పుడు ఆ రకాన్ని వాడొద్దని నంపై పత్రాలే చెబుతున్నాయి.

పరిష్కారం: గుర్తు అర్థాన్ని రకంతో ముడిపెట్టకండి. రెండు పనులకు రెండు గుర్తులు ఇవ్వండి. నాకు జూలియా అనే భాష పద్ధతి నచ్చుతుంది: చుక్క పెడితే ప్రతి మూలకానికీ విడిగా చేయమని అర్థం. అదే చుక్క కూడికకూ, ఘాతానికీ, మీరు రాసుకున్న ఫంక్షన్‌కూ పనిచేస్తుంది. ఒక్క నియమం గుర్తుంటే చాలు.

సమస్య: మాత్రికలో ఒక మూలకం ఎక్కువొచ్చింది

మాట్‌ల్యాబ్‌లో [1 - 2] అంటే ఒకే మూలకం, -1. [1-2] కూడా అంతే. [1 -2] అని రాస్తే మాత్రం రెండు మూలకాలు.

కారణం: స్పేస్‌కు రెండు ఉద్యోగాలు ఇచ్చారు. ఒకచోట అది అందం కోసం వదిలిన ఖాళీ, ఇంకోచోట మూలకాల మధ్య హద్దు. మూడు అడ్డువరుసల్లో ఒకదాంట్లో ఇలా జరిగితే పొడవులు కలవక ఎర్రర్ వస్తుంది, అది మేలే. ఉన్నదే ఒక్క అడ్డువరుసైతే ఎవరూ చెప్పరు. నేను రాసిన మొదటి పార్సర్‌లో (రాసినదాన్ని చదివి ముక్కలుగా విడదీసే కోడ్‌లో) ఈ తప్పును పట్టుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

పరిష్కారం: కామా తప్పనిసరి చేయడం అన్నిటికన్నా క్షేమం. అయితే పెద్ద మాత్రికను చేత్తో ఎక్కించేవాళ్లకు ప్రతి అంకె తర్వాతా కామా కొట్టడం శ్రమ, ఆ మాట నేను ఒప్పుకుంటాను. అందుకే మధ్యేమార్గం: అన్నీ ఉత్త అంకెలైతే స్పేస్‌ను హద్దుగా తీసుకోండి. [క -గ] లాగా పేర్లు వస్తే ఊహించొద్దు, కామా పెట్టమని అడగండి.

సమస్య: ట్రాన్స్‌పోజ్ చేశాక (అడ్డువరుసలను నిలువువరుసలుగా తిప్పాక) సంకీర్ణ సంఖ్యల్లో కల్పిత భాగం గుర్తు మారింది

మాట్‌ల్యాబ్‌లో ' తిప్పడంతోపాటు సంయుగ్మం కూడా తీస్తుంది, అంటే కల్పిత భాగం గుర్తు మారుస్తుంది; ఉత్తగా తిప్పేది .' మాత్రమే. నంపై ట్రాన్స్‌పోజ్ సంయుగ్మం జోలికి పోదు. వాస్తవ సంఖ్యలతో పరీక్షిస్తే తేడా కనిపించదు, కాబట్టి మీ పరీక్షల్లో ఒక్క సంకీర్ణ మాత్రికైనా ఉంచండి.

సమస్య: మూడేసి మూలకాల సదిశలు రెంటిని తీసివేస్తే 3×3 మాత్రిక వచ్చింది

కారణం: ఒకటి అడ్డువరుస, రెండోది నిలువువరుస. కొలతలు కలవనప్పుడు చిన్నదాన్ని సాగదీసి సరిపెట్టే బ్రాడ్‌కాస్టింగ్ నంపైలో ఎప్పటినుంచో ఉంది, మాట్‌ల్యాబ్‌లో 2016 రెండో విడుదల నుంచి మామూలు + - గుర్తులకూ వచ్చింది. ఆ తొమ్మిది అంకెల వర్గాల సగటు తీస్తే మళ్లీ ఒక్క సంఖ్యే వస్తుంది, చూడ్డానికి సబబుగానే ఉంటుంది. అక్కడే మోసపోతాం.

పరిష్కారం: సాగదీయడం యూజర్ అడిగితేనే జరగాలి. జూలియాలో ఉత్త + అయితే కొలతలు కలవలేదని ఆపేస్తుంది, .+ అయితే సాగదీస్తుంది.

ఆర్ భాషలో దీనికి చుట్టం ఒకటుంది. వడపోత తర్వాత ఒక్క అడ్డువరుసే మిగిలితే, మాత్రిక కాస్తా సదిశైపోతుంది. డేటా తగ్గిన రోజే పగిలే కోడ్ అది. మీ భాషలో ఫలితం రకం డేటాను బట్టి కాక, రాసిన తీరును బట్టి తేలాలి.

సమస్య: జవాబు సరైనదే, కానీ చాలా ఆలస్యం

క*గ*స అని రాశారు, క, గ 1000×1000 మాత్రికలు, స ఒక సదిశ. ఎడమనుంచి చేస్తే 100 కోట్ల పైచిలుకు గుణకారాలు. ముందు గ*స చేస్తే 20 లక్షలతో సరి.

పరిష్కారం: పార్సర్ గుణకారాలను జంటలుగా విడగొట్టకుండా వరుస మొత్తాన్ని ఒకేసారి అందుకోవాలి, కొలతలు చూసి క్రమం ఎంచుకోవాలి. జూలియా 1.7 నుంచి మూడు నాలుగు మాత్రికల వరుసకు ఇలాగే చేస్తోంది. క్రమం మారితే చివరి దశాంశాలు కాస్త మారొచ్చు. కాబట్టి యూజర్ బ్రాకెట్లు పెడితే మాత్రం వాటిని కదపకండి.