చర్ ఊళ్లకు మెరక: వాతావరణ నిధికి అర్జీ ఎలా రాయాలి

బ్రహ్మపుత్ర బంగ్లాదేశ్‌లోకి దిగాక జమున అవుతుంది. దాని పాయల మధ్య ఇసుక మేటల మీద వెలిసిన ఊళ్లను అక్కడ చర్‌లు అంటారు. మన గోదావరి లంకల్లాంటివి. వరదొస్తే ఇంట్లోకి నీళ్లు, దాంతోపాటే మేకలు, గింజలు, మరుగుదొడ్డి, చేతిపంపు అన్నీ పోతాయి. ఇంటి జాగాను వరద మట్టం కంటే ఎత్తుకు మెరక చేస్తే ఇవన్నీ నిలుస్తాయి. పికెఎస్ఎఫ్ అనే బంగ్లాదేశ్ సంస్థ ప్రధానంగా ఇలాంటి పనుల కోసమే 2019లో గ్రీన్ క్లైమేట్ ఫండ్ అనే అంతర్జాతీయ వాతావరణ నిధి నుంచి సుమారు 97 లక్షల డాలర్ల గ్రాంటు మంజూరు చేయించుకుంది. అలాంటి అర్జీ తయారీలో ఏ పని ముందు, ఏది తర్వాత, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది ఇక్కడ రాస్తున్నాం. బయటి దేశాల సేవాసంస్థల్లో పనిచేసే తెలుగువాళ్లకూ, మన తీరంలో ఇదే బాధ ఉన్న ఊళ్ల సంఘాలకూ ఇది పనికొస్తుంది.

ఒక మాట ముందే చెప్పాలి. ఇది దానం అడగడం కాదు. చర్‌లో మేకలు పెంచుకునే మనిషి వదిలిన పొగ వల్ల ఈ వరదలు పెరగలేదు. ధనిక దేశాలు 2009లో కోపెన్‌హాగెన్ వాతావరణ సదస్సులో, 2020 నాటికి ఏడాదికి 10,000 కోట్ల డాలర్లు పేద దేశాలకు సమకూరుస్తామని మాటిచ్చాయి. ఆ అంకె అందింది 2022లో. అందులోనూ ప్రభుత్వాల వైపు నుంచి వచ్చిన సొమ్ములో దాదాపు మూడింట రెండు వంతులు అప్పే. కాబట్టి అర్జీలో ప్రతి పేజీ దగ్గరా రెండు ప్రశ్నలు వేసుకోండి: ఇది గ్రాంటా, అప్పా? ఇందులో ఊరికి చేరేదెంత?

ఏ నిధికి వెళ్లాలి

మూడు నిధులు పేరుకు దగ్గరగా ఉన్నా పని వేరు. ముందే తేల్చుకోకపోతే ఏడాది శ్రమ పోతుంది.

గ్రీన్ క్లైమేట్ ఫండ్ కార్యాలయం దక్షిణ కొరియాలోని సోంగ్‌డోలో ఉంది. 'సరళ ఆమోద పద్ధతి' కింద ఒక ప్రాజెక్టుకు 2.5 కోట్ల డాలర్ల దాకా అడగవచ్చు. షరతు ఏమిటంటే, పర్యావరణానికీ జనానికీ ముప్పు అతి తక్కువగా ఉండాలి. ఇంటి జాగా మెరక, మేకలకు ఎత్తైన కొట్టం, చేతిపంపు దిమ్మె ఇందులో ఇముడుతాయి. అదే అర్జీలో నది కరకట్ట కూడా కలిపారనుకోండి, ముప్పు స్థాయి మారి మామూలు దారిలోకి నెట్టేస్తారు. కట్ట కావాలంటే దాన్ని వేరే ప్రాజెక్టుగా పెట్టాలి.

అడాప్టేషన్ ఫండ్ చిన్నది, కానీ పేద దేశాలకు అనువైనది. మీ వాటా ఎంత అని అడగదు. వాతావరణ మార్పును తట్టుకోవడానికి అయ్యే ఖర్చు మొత్తం ఇస్తుంది.

వాతావరణ నష్టాల నిధి (లాస్ అండ్ డ్యామేజ్ ఫండ్) 2022లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సులో ఒప్పుకున్నది. 2025 ఏప్రిల్‌లో దాని బోర్డు బార్బడోస్‌లో 25 కోట్ల డాలర్ల తొలి విడతకు పద్ధతి ఖరారు చేసింది. ఒక్కో అర్జీకి 50 లక్షల నుంచి 2 కోట్ల డాలర్ల దాకా, అన్నీ గ్రాంట్లే. ఇది జరిగిపోయిన నష్టానికి. రాబోయే వరదకు కాచుకునే పనిని ఈ నిధి దగ్గర, కూలిన ఇంటి బాగుచేతను మిగతా రెండు నిధుల దగ్గర అడిగితే రెండు చోట్లా 'ఇది మా పని కాదు' అంటారు.

ఎవరి చేత పంపాలి

గ్రామ సంఘమో, స్వచ్ఛంద సంస్థో నేరుగా అడగడం కుదరదు. గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కైనా, అడాప్టేషన్ ఫండ్‌కైనా సాధారణంగా ఆ నిధి గుర్తింపు పొందిన సంస్థ ద్వారానే అర్జీ వెళ్లాలి. మీరు పని చేసి చూపించే సంస్థగా ఉంటారు. గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కైతే దేశ ప్రభుత్వం నియమించిన అధికార విభాగం ఇచ్చే నిరభ్యంతర పత్రం కూడా కావాలి. బంగ్లాదేశ్‌లో ఆ విభాగం ఆర్థిక శాఖ కింది ఆర్థిక సంబంధాల విభాగం. మన దేశంలో కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ.

మన దగ్గర ఈ దారి ఎలా పనిచేస్తుందో చూడాలంటే కృష్ణా జిల్లా తీరమే ఉదాహరణ. సముద్రమట్టం పెరుగుదలను తట్టుకోవడానికి మడ అడవులు పెంచుతూ, వాటితో కలిపి చేపల సాగు చేసే ప్రాజెక్టుకు అడాప్టేషన్ ఫండ్ 6,89,264 డాలర్లు ఇచ్చింది. నిధి దగ్గర గుర్తింపు ఉన్నది నాబార్డుకు. ఊళ్లలో పని చేసింది ఎం.ఎస్. స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్.

ఇక్కడ జరిగే తప్పు: పూర్తి అర్జీ రాసేసుకుని, ఆ తర్వాత గుర్తింపు సంస్థను వెతుక్కోవడం. ఆ సంస్థకు సొంత నమూనాలు, సొంత ప్రాధాన్యాలు, సొంత వరుస ఉంటాయి. నాలుగు పేజీల్లో ఊరు, సమస్య, పని, ఖర్చు, ఎంతమందికి మేలు అని రాసి ముందు దాన్ని చూపించండి. వాళ్లు ఒప్పుకున్నాకే మిగతాది.

వరదకూ వాతావరణ మార్పుకూ లంకె

ఎక్కువ అర్జీలు పడిపోయేది ఇక్కడే. 'మా ఊళ్లు పేదవి, ఏటా వరద వస్తుంది, కాబట్టి డబ్బివ్వండి' అని రాస్తే అది అభివృద్ధి ప్రాజెక్టు అంటారు. చర్‌లో వరద తరతరాలుగా ఉన్నదే. కొత్తగా ఏం మారిందో, ఆ మార్పుకు ఈ పని ఎలా జవాబో చూపించాలి.

కనీసం 30 ఏళ్ల లెక్కలు తీయండి. నదికి దగ్గర్లోని నీటిమట్టం కేంద్రం నుంచి ప్రతి ఏడూ గరిష్ఠ మట్టం, ప్రమాద స్థాయి దాటి ఎన్ని రోజులు ఉంది, తొలి వరద ఏ తేదీన వచ్చింది అన్న మూడు వరుసలు చాలు. జమునకు బహదూరాబాద్ కేంద్రం ఉంది. అక్కడ 2017లో మట్టం 1988 నాటి రికార్డును దాటింది; 2019లో 2017ను కూడా దాటింది. ఈ ఒక్క వాక్యం అర్జీకి ప్రాణం. ఎందుకంటే 1988 వరదను కొలతగా పెట్టుకుని పెద్దలు కట్టుకున్న అరుగులు ఇప్పుడు చాలవని అది చెబుతుంది. పాత ఎత్తుకూ కొత్త ఎత్తుకూ మధ్య తేడాయే మీరు నిధిని అడుగుతున్న పని.

రెండు మూడు పెద్ద వరదలు చూపించి 'పెరుగుతోంది' అని రాయకండి, పరిశీలకులు వెంటనే పట్టేస్తారు. ఏటి గమనం మారడం, ఎగువ కట్టడాలు, మేట వేయడం వల్ల కూడా మట్టం పెరుగుతుంది. వాటి పాత్ర ఉంటే ఉందని రాయండి. దాచిన కారణం కంటే ఒప్పుకున్న కారణం అర్జీకి తక్కువ చేటు చేస్తుంది. రాబోయే రోజుల అంచనాకు మీరే కొత్త నమూనా కట్టనక్కర్లేదు. ఆ నదీ పరీవాహకానికి ఇప్పటికే ప్రచురించిన అంచనాలను తీసుకుని, కనిష్ఠం, గరిష్ఠం రెండూ ఇవ్వండి.

మెరక లెక్క

ఖర్చు తప్పేది మట్టి దగ్గర. ఒక ఇంటికి పైన 10 మీటర్లు × 8 మీటర్ల జాగా, 1.5 మీటర్ల ఎత్తు కావాలనుకుందాం. చాలామంది 10 × 8 × 1.5 = 120 ఘనపు మీటర్లు అని వేసేస్తారు. మెరకకు నిలువు గోడలుండవు, వాలు ఉంటుంది. ఒక మీటరు ఎత్తుకు రెండు మీటర్ల వాలు ఇస్తే అడుగున 16 × 14 మీటర్లు అవుతుంది. అప్పుడు పైన 80, మధ్యలో 143, అడుగున 224 చదరపు మీటర్లు. లెక్క ఇలా:

(80 + 4 × 143 + 224) ÷ 6 × 1.5 = 219 ఘనపు మీటర్లు.

అణిచాక కుదించుకుపోతుంది కాబట్టి తోలే మట్టి ఇంకో 20 నుంచి 25 శాతం ఎక్కువ, అంటే సుమారు 270 ఘనపు మీటర్లు. 120కి బడ్జెట్ వేసినవాళ్లు సగం ఊరికి మెరక తోలి, మిగతా సగానికి మొహం చూపించలేరు.

పది ఇళ్లను ఒకే దిమ్మె మీద పెడితే, పైన 50 × 16 మీటర్లు, ఎత్తూ వాలూ అవే అయితే, 1,515 ఘనపు మీటర్లు సరిపోతుంది. విడివిడిగా అయితే 2,190. దాదాపు 30 శాతం మట్టి మిగులుతుంది, వాలు తక్కువగా కోసుకుపోతుంది. కాకపోతే పది కుటుంబాలూ పక్కపక్కన ఉండటానికి ఒప్పుకోవాలి. ఇది కొలతల కంటే కష్టమైన పని, దానికి ఊళ్లో సమయం కేటాయించండి.

మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొరా తడిపి దిమ్మిస వేయించాలి. చర్ మట్టి ఇసుక కాబట్టి పైనా, వాలు మీదా 30 సెంటీమీటర్ల బంకమట్టి పొర తప్పనిసరి. లేదంటే మొదటి వరదకే అంచు జారిపోతుంది. మట్టి ఇంటి పక్కనే తవ్వితే ఆ గుంటే వాలును లోపలికి లాగేస్తుంది, పిల్లలకూ ప్రమాదం. చేతిపంపు, మరుగుదొడ్డి రెండూ మెరక మీదకే రావాలి, వాటి మధ్య కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. ఒంటి ఇంటి 10 × 8 దిమ్మె మీద ఆ దూరం వచ్చేది ఎదురెదురు మూలల్లోనే. మూల నుంచి మూలకు 12.8 మీటర్లు. ఈ గీత అర్జీకి జతచేయండి, పరిశీలకుల సగం ప్రశ్నలు తీరిపోతాయి.

భూమి ఎవరిది

చర్ భూమికి చాలాచోట్ల పట్టా ఉండదు, లేదా ఇంకొకరి పేర ఉంటుంది. నిధి డబ్బుతో మెరక అయిన జాగా విలువ పెరగగానే ఆసామి కుటుంబాన్ని లేపేస్తే, మనం పేదవాడి పేర భూస్వామికి గ్రాంటు ఇచ్చినట్టే. మట్టి పడకముందే, ఇన్నేళ్ల వరకూ ఖాళీ చేయించనని, అద్దె పెంచనని రాతపూర్వక ఒప్పందం తీసుకోండి. భార్యాభర్తలిద్దరి పేర్లూ అందులో ఉండాలి. భర్త వలస వెళ్లిన ఇళ్లలో ఒంటరి ఆడవాళ్లను జాబితా నుంచి తప్పించడం మామూలు. దాన్ని ఆపేది ఈ కాగితమే.

ఊరి సమావేశాల రికార్డు కూడా అంతే ముఖ్యం. తేదీ, చోటు, ఎంతమంది ఆడవాళ్లు, ఎంతమంది మగవాళ్లు, ఎవరేమన్నారు, దానివల్ల ప్రాజెక్టులో ఏం మారింది. చివరి గడి ఖాళీగా ఉంటే సమావేశం జరగనట్టే లెక్క. మహిళల కోసం కార్యాచరణ ప్రణాళిక తప్పనిసరి జతపత్రం. దానికి వేరే బడ్జెట్ గీత వేయకపోతే మాటలుగానే మిగులుతుంది.

గ్రాంటా, అప్పా

నియమం సులువు. ఆ పని సొంతంగా డబ్బు సంపాదిస్తే అప్పు ఆలోచించవచ్చు. మెరక సంపాదించదు, కాబట్టి గ్రాంటే అడగాలి. గ్రీన్ క్లైమేట్ ఫండ్ ఇచ్చే అత్యంత చవక అప్పు 40 ఏళ్లకు, మొదటి 10 ఏళ్లు అసలు కట్టకుండా, వడ్డీ లేకుండా, 0.25 శాతం సేవా రుసుముతో ఉంటుంది. వినడానికి ఉచితంలాగే ఉంటుంది. కానీ అది డాలర్ల అప్పు. 2021లో డాలరుకు 85 బంగ్లాదేశ్ టాకాలు ఉండేవి, 2024 చివరికి దాదాపు 120. అంటే 10 లక్షల డాలర్ల బాకీ మూడేళ్లలో 8.5 కోట్ల టాకాల నుంచి 12 కోట్లయింది. ఒక్క పైసా వడ్డీ లేకుండానే.

అప్పు తప్పనిసరైన చోట ఒప్పందంలో విపత్తు నిబంధన అడగండి: తుపానో వరదో ఫలానా స్థాయి దాటితే కిస్తీలు వాయిదా పడాలి. 2024 జులైలో బెరిల్ తుపాను కరియకూ దీవిని తుడిచిపెట్టాక ఆ దీవి ఉన్న కరీబియన్ దేశం గ్రెనడా ఇలాంటి నిబంధననే వాడుకుని బాండ్ల చెల్లింపులు వాయిదా వేసుకుంది. సంతకం అయ్యాక అడిగితే ఎవరూ ఇవ్వరు.

నిర్వహణ ఖర్చులకు అడాప్టేషన్ ఫండ్ హద్దులు తెలిసి ఉండాలి. పని చేసే సంస్థ నిర్వహణకు 9.5 శాతం మించకూడదు, నాబార్డు లాంటి గుర్తింపు సంస్థ రుసుము 8.5 శాతం మించకూడదు. రుసుము కలపకముందు ప్రాజెక్టు 10 లక్షల డాలర్లయితే, నిర్వహణ 95,000, రుసుము 85,000, మొత్తం అడిగేది 10,85,000. అందులో ఊరి పనికి 9,05,000. ఈ చివరి అంకెను పెద్ద అక్షరాల్లో ఊరి సమావేశంలో చెప్పండి. తర్వాత లెక్క అడిగే హక్కు వాళ్లకు దాంతోనే వస్తుంది.

మంజూరయ్యాక

బోర్డు ఆమోదించగానే డబ్బు రాదు. నిధికీ గుర్తింపు సంస్థకూ ఒప్పందం, దానిలోని ముందస్తు షరతులు, ఆ తర్వాత తొలి విడత. మట్టి పని నవంబరు నుంచి ఏప్రిల్ దాకానే సాగుతుంది. వాలు మీద నాటిన గడ్డి, వట్టివేరు వేళ్లు పట్టడానికి వరదకు ముందు కనీసం రెండు నెలలు కావాలి. తొలి విడత మార్చిలో వస్తే ఆ ఏడు మెరక జోలికి పోకండి. ఇళ్ల జాబితా, ఒప్పందాలు, వరద మట్టం గుర్తుల కొలతలు ఆ నెలల్లో పూర్తి చేసి, అక్టోబరు చివరికి మట్టి తీసే చోట్లు గుర్తించి పెట్టుకోండి. ఈ క్యాలెండరును అర్జీలోనే రాసి ఉంచితే, ఏడాది ఎందుకు ఆగారని అడిగినప్పుడు చూపించడానికి కాగితం ఉంటుంది.