పాత అంబాసిడర్ డైనమో: విప్పే ముందు ఏం చూడాలి, విప్పాక ఏం చెయ్యాలి

కోనసీమలో, సముద్రం దగ్గర్లోని ఊళ్లలో కొబ్బరితోట పక్క షెడ్డులో ఏళ్లతరబడి నిలబడిపోయిన బండికి ఛార్జింగ్ ఎర్రలైటు ఆరదు. వెంటనే "ఆర్మేచర్ (డైనమో లోపల తిరిగే రాగితీగల చుట్ట) పోయింది, రీవైండింగ్‌కి ఇచ్చెయ్యండి" అనేస్తారు. ఆగండి. బ్యాటరీకి ఛార్జింగ్ ఇచ్చేది డైనమో; నిలబడిన డైనమోలో ముందు పోయేది వైండింగ్ కాదు, ఇనుములో మిగిలి ఉండాల్సిన కాస్త అయస్కాంతం.

లూకాస్ సీ40 డైనమోకి వెనక రెండు టెర్మినళ్లుంటాయి. పెద్దది డీ, చిన్నది ఎఫ్. పోయిన అయస్కాంతాన్ని తిరిగి ఎక్కించడానికి ముందు రెండు వైర్లూ పీకెయ్యండి. బ్యాటరీలో బాడీకి తగలని కొన ఏదో చూసుకుని, దాన్నుంచి ఒక వైరుతో ఎఫ్‌ని రెండు మూడు సెకన్లు తాకించండి. ఎఫ్ వైరు పీకకుండా ఈ పని చేస్తే కటౌట్‌లో (ఛార్జింగ్‌ని అదుపు చేసే పెట్టె) రెగ్యులేటర్ పాయింట్లు మాడిపోతాయి. తర్వాత డీ, ఎఫ్‌లను తీగ ముక్కతో కలిపి, ఆ తీగకీ బాడీకీ మధ్య మీటరు పెట్టండి. ఇంజను రేసు మెల్లగా పెంచితే వోల్టేజీ తడబడకుండా ఎక్కాలి. 20 దాటనివ్వొద్దు, నిమిషానికి వెయ్యి చుట్లు చాలు. అసలు కదలకపోతే లోపం బ్రష్‌లది (ఆర్మేచర్‌ని తాకే కార్బన్ ముక్కలు), అర నుంచి ఒక వోల్టు దగ్గర ఆగితే ఫీల్డ్ కాయిల్‌ది (బాడీకి లోపల బిగించి ఉండే తీగచుట్ట), నాలుగైదు దగ్గర ఆగితే ఆర్మేచర్‌ది. బాగా ఎక్కిందా, డైనమోని వదిలేసి కటౌట్‌నీ వైర్లనీ చూడండి.

ఇక విప్పడం. కప్పులకీ బాడీకీ మేకుతో గీత గీసి, పొడుగు బోల్టులు రెండూ తీస్తే వెనక కప్పు బ్రష్‌లతో సహా వస్తుంది. ఆర్మేచర్ ముందు కప్పుతో కలిసి బయటికొస్తుంది. పుల్లీని సుత్తితో కొట్టకండి, పుల్లర్ వాడండి. పుల్లీని ఇరుసు మీద జారకుండా పట్టే చిన్న కీ ముక్క జారి పోతుంది, డబ్బాలో వేసుకోండి.

ఆర్మేచర్‌ని వెలుతురులో తిప్పి చూడండి. ఇనుము మీద ఒకచోట వెండిలా మెరిసే గీరుడు కనిపిస్తే వెనక బుష్ (ఇరుసు తిరిగే చిన్న గొట్టం) అరిగి, ఆర్మేచర్ పోల్ షూలకి (ఫీల్డ్ కాయిల్‌ని పట్టి ఉంచే ఇనుప దిమ్మలు) రాసుకుంటోందన్నమాట. బాడీ లోపలి గోడకి సీసం చుక్కలు అంటుకుని ఉంటే ఎక్కువ లోడు మీద వేడెక్కి టంకం కరిగి చిమ్మింది. కమ్యుటేటర్ (బ్రష్‌లు తాకే రాగి పలకల గుండ్రం) కాఫీ రంగులో ఉంటే మంచిది. ఒకే రాగి పలక నల్లగా మాడితే ఆ కాయిల్ తెగిందనే అనుమానించాలి, అప్పుడే వైండింగ్ షాపు.

కమ్యుటేటర్‌ని సన్నటి గ్లాసు పేపరుతో రుద్దండి. ఎమరీ వద్దు, దాని రేణువులు రాగిలో దిగబడి బ్రష్‌ని తినేస్తాయి. పలకల మధ్య కరెంటు పారకుండా ఆపే మైకా పైకి తేలితే, పళ్లు పక్కలకి అరగదీసిన హ్యాక్సా బ్లేడుతో అర మిల్లీమీటరు నుంచి ముప్పాతిక మిల్లీమీటరు లోతు దాకా గీకండి. రాగికి గీత పడకూడదు. బ్రష్ ఏడు మిల్లీమీటర్లకి అరిగితే జత మొత్తం మార్చాలి.

ఫీల్డ్ కాయిల్‌కి ఎఫ్ నుంచి బాడీకి దాదాపు ఆరు ఓములు రావాలి. బాగా తక్కువైతే చుట్లు కలిసిపోయాయి, అసలు రాకపోతే తెగింది. వరదనీళ్లలో మునిగిన బండైతే ఈ లెక్కలు నమ్మకండి, తడి ఉన్నంతసేపు తప్పే చూపిస్తుంది. మంచినీళ్లతో మట్టి కడిగి రెండు మూడు రోజులు గట్టి ఎండలో పెట్టి, అప్పుడు కొలవండి. వైండింగ్‌ని పెట్రోల్లో ముంచొద్దు, పెట్రోలుతో తడిపిన గుడ్డతో తుడిస్తే చాలు.

వెనక బుష్ నూనె పీల్చే కంచు బుష్. కొత్తదాన్ని 24 గంటలు ఇంజనాయిల్‌లో నాననిచ్చి బిగించాలి. లోపల రీమర్ పెట్టకూడదు, సన్నటి రంధ్రాలు మూసుకుపోతాయి. ముందు బాల్ బేరింగ్‌కి వేడికి కరగని గ్రీజు పెట్టండి.

బిగించేటప్పుడు బ్రష్‌లని పైకి లాగి స్ప్రింగుని పక్కకి ఆనించి ఉంచితే కప్పు సులువుగా ఎక్కుతుంది. కప్పు దాదాపు కూర్చున్నాక, సందులోంచి సన్నటి స్క్రూడ్రైవరుతో స్ప్రింగుని బ్రష్ మీదకి నెట్టండి, టక్కున కూర్చోవాలి. చేత్తో తిప్పి రాపిడి లేదని చూసుకున్నాకే బోల్టులు బిగించండి. బండికెక్కించాక బొటనవేలితో నొక్కితే బెల్టు అరంగుళం దిగాలి. వెనక నూనె రంధ్రంలో రెండు మూడు చుక్కలే వెయ్యండి, ఎక్కువైతే అది నేరుగా కమ్యుటేటర్ మీదకే పోతుంది.